వి.వి.గిరి: ఖరగ్‌పూర్ రైల్వే కార్మికోద్యమం నుంచి రాష్ట్రపతి భవన్ వరకు

వరాహగిరి వేంకటగిరి (1894 ఆగస్టు 10 – 1980 జూన్ 24) భారతదేశ నాలుగో రాష్ట్రపతి. స్వతంత్ర అభ్యర్థిగా పోటీ చేసి ఆ పదవికి ఎన్నికైన ఏకైక వ్యక్తి. అంతకు నాలుగు దశాబ్దాల ముందే బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కార్మికుల నాయకునిగా ఆయన పేరు దేశమంతటా వినబడింది. ఆ రైల్వేకు గుండెకాయ వంటి ఖరగ్‌పూర్ పట్టణంలోనే ఆ ఉద్యమం రూపుదిద్దుకొంది. అక్కడి శ్రామికులలో పెద్ద సంఖ్యలో తెలుగువారు ఉన్నారు. కార్మికుల హక్కులకు జీవితమంతా వాదించిన గిరి రాష్ట్రపతిగా ఉన్న కాలంలోనే, 1974లో, దేశంలోకెల్లా పెద్ద రైల్వే సమ్మె అణచివేతకు గురైంది. ఆయన ప్రజాజీవితాన్ని అంచనా వేసేవారు ఈ వైరుధ్యాన్ని తప్పక ప్రస్తావిస్తారు.

ఖరగ్‌పూర్‌లో తెలుగువారు

బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కంపెనీ 1887లో ఏర్పడింది. పందొమ్మిదో శతాబ్ది చివరి సంవత్సరాలలో ఆ కంపెనీ మార్గాలు మిద్నాపూర్ జిల్లాలోని ఖరగ్‌పూర్ వద్ద కలుసుకొన్నాయి. ఇంజన్లు, పెట్టెలు, వ్యాగన్ల మరమ్మతుకు అక్కడ భారీ వర్క్‌షాపు నెలకొంది. ఈస్ట్ కోస్ట్ రైల్వే ఉత్తర భాగం కూడా ఆ కంపెనీ చేతికి రావడంతో వాల్తేరు నుంచి ఖరగ్‌పూర్ వరకు ఒకే యాజమాన్యం కింద రైలుమార్గం ఏర్పడింది. నాటి గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచి వందల కుటుంబాలు ఆ మార్గం వెంటనే బెంగాల్‌కు తరలిపోయాయి.

ఫిట్టర్లు, ఖలాసీలు, ఫైర్‌మెన్, గ్యాంగ్‌మెన్ వంటి కొలువులలో స్థిరపడిన ఆ కుటుంబాలు మథురాకాటి, నింపురా వంటి రైల్వే బస్తీలలో తెలుగు వాతావరణాన్ని నిలుపుకొన్నాయి. బెంగాలీ, హిందీ, ఒడియా, తమిళం, పంజాబీ మాట్లాడేవారితో కలిసి జీవించడం వల్ల ఖరగ్‌పూర్‌కు చిన్న భారతదేశమనే పేరు వచ్చింది. ఖరగ్‌పూర్ తెలుగువారు చాలాకాలంగా కోరుతున్న విధంగా, పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం 2020 డిసెంబరులో తెలుగుకు అధికార భాషా హోదా కల్పించాలని నిర్ణయించింది.

బాల్యం, ఐర్లండు ప్రభావం

గిరి బరంపురంలో జన్మించారు. ఆ పట్టణం అప్పట్లో మద్రాసు రాష్ట్రంలోని గంజాం జిల్లాలో ఉండేది, నేడు ఒడిశాలో ఉంది. తండ్రి జోగయ్య పంతులు న్యాయవాది, తల్లి సుభద్రమ్మ. తెలుగు ఇంట పుట్టి, తెలుగు, ఒడియా సమాజాలు కలిసిన పట్టణంలో పెరిగిన గిరికి భిన్న భాషల శ్రామికుల మధ్య పనిచేయడం తరువాతి కాలంలో కొత్తగా అనిపించి ఉండదు.

న్యాయశాస్త్ర అధ్యయనానికి ఆయన 1913లో డబ్లిన్ చేరుకొన్నారు. అదే సంవత్సరం ఆ నగరంలో జేమ్స్ లార్కిన్, జేమ్స్ కానలీల నాయకత్వాన కార్మికులకు, యజమానులకు మధ్య తీవ్ర సంఘర్షణ సాగింది. సంఘంలో చేరినందుకే వేల మందికి పని నిరాకరించిన లాకౌట్ అది. జాతీయ స్వాతంత్ర్యం, కార్మిక సంఘటన అనే రెండు భావాలూ గిరి మనసులో అక్కడే పెనవేసుకొన్నాయి. 1916 ఈస్టర్ తిరుగుబాటు తరువాత ఐరిష్ ఉద్యమకారులతో ఆయనకు సంబంధాలున్నాయని బ్రిటిష్ ప్రభుత్వం అనుమానించింది. దేశం విడిచి వెళ్లవలసిందిగా ఆదేశించింది. స్వదేశానికి తిరిగివచ్చి న్యాయవాద వృత్తి చేపట్టిన గిరి, సహాయ నిరాకరణ పిలుపుతో దానిని వదిలి జాతీయోద్యమంలో ప్రవేశించారు.

బి.ఎన్.ఆర్. పోరాటం

1920లలో రైల్వే కార్మికులను సంఘటితం చేయడమే గిరి ప్రధాన కార్యక్రమమైంది. ఆల్ ఇండియా రైల్వేమెన్స్ ఫెడరేషన్ స్థాపకులలో ఆయన ఒకరు. దశాబ్దానికి పైగా ఆ సంస్థకు ప్రధాన కార్యదర్శిగా వ్యవహరించారు. 1926లో అఖిల భారత ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్ అధ్యక్షపదవి కూడా ఆయనను వరించింది.

బెంగాల్ నాగ్‌పూర్ రైల్వేలో అసంతృప్తి 1927లో భగ్గుమంది. ఫిబ్రవరిలో ఖరగ్‌పూర్ కేంద్రంగా సమ్మె మొదలయింది. స్టేషనులో గుమిగూడిన కార్మికులపై సాయుధ సహాయక దళం బలప్రయోగం చేసిందన్న విషయం కేంద్ర శాసనసభ దాకా వెళ్లింది. కొన్ని నెలలకే ఖర్చు తగ్గింపు పేరిట కంపెనీ వర్క్‌షాపు కార్మికుల తొలగింపునకు పూనుకొంది. సెప్టెంబరులో మొదలైన లాకౌట్ డిసెంబరు వరకు సాగింది.

ఈ పోరాటంలో గిరి అనుసరించిన పద్ధతికి మూడు లక్షణాలు ఉన్నాయి. మొదటిది, సమ్మెను అహింసాయుతంగా నడపడం. రెండోది, తొలగింపునకు గురైనవారి సమస్యను మొత్తం కార్మికుల సమస్యగా మార్చడం. మూడోది, చర్చల ద్వారం ఎన్నడూ మూయకపోవడం. కంపెనీ, ప్రభుత్వం కార్మికుల కోర్కెలను పరిగణించక తప్పని స్థితిని ఈ ఆందోళన కల్పించిందనీ, భారత కార్మికోద్యమంలో ఇది ఒక మైలురాయి అనీ ఆయన జీవితచరిత్రకారులు పేర్కొంటారు. ట్రేడ్ యూనియన్ల చట్టం అమలులోకి వచ్చిన తొలి రోజులవి. సంఘాలకు చట్టబద్ధత అప్పుడే లభించింది గాని, సమ్మె చేసిన కార్మికుని ఉద్యోగానికి రక్షణ మాత్రం లేదు. రైల్వే ఇల్లు, రైల్వే ఆసుపత్రి, రైల్వే బడిపై ఆధారపడిన ఖరగ్‌పూర్ కుటుంబానికి ఉద్యోగం పోవడమంటే ఊరు విడవడమే.

మితవాది అన్న విమర్శ

గిరి తీరు అందరికీ నచ్చలేదు. బ్రిటిష్ ప్రభుత్వం నియమించిన రాయల్ కార్మిక కమిషన్‌తో సహకరించాలా, బహిష్కరించాలా అన్న ప్రశ్న 1929లో నాగ్‌పూర్ మహాసభలో ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్‌ను చీల్చింది. బహిష్కరణవాదులు నెగ్గడంతో ఎన్.ఎం.జోషి, గిరి తదితరులు బయటకు వచ్చి వేరే సమాఖ్యను నెలకొల్పారు. కమిషన్ ముందు వాదించకపోతే కార్మికుల గోడు నమోదు కాదన్నది వారి వాదం. సామ్రాజ్యవాద ప్రభుత్వ కమిషన్‌కు గౌరవం కట్టబెట్టడమే తప్పని వామపక్షాల ఆక్షేపణ. గిరి రెండో రౌండ్ టేబుల్ సమావేశానికి కార్మికుల ప్రతినిధిగా హాజరయ్యారు. కాలక్రమంలో చీలిక సమసి, 1942లో ఆయన తిరిగి ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్ అధ్యక్షులయ్యారు.

మంత్రిపదవులు, రాజీనామా

1937 ఎన్నికలలో బొబ్బిలి స్థానం నుంచి జస్టిస్ పార్టీ అగ్రనేత బొబ్బిలి రాజాను ఓడించడం గిరి రాజకీయ జీవితంలో పెద్ద విజయం. రాజాజీ మంత్రివర్గంలోను, తరువాత ప్రకాశం మంత్రివర్గంలోను కార్మికశాఖను నిర్వహించారు. స్వాతంత్ర్యానంతరం సిలోనులో భారత హైకమిషనర్‌గా పనిచేశారు. 1952లో పాతపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికై, నెహ్రూ మంత్రివర్గంలో కార్మికశాఖ మంత్రి అయ్యారు.

ఆ పదవిలో ఉండగా ఆయన ప్రతిపాదించిన విధానం 'గిరి పద్ధతి'గా ప్రసిద్ధమైంది. వివాదాన్ని ప్రభుత్వం బలవంతంగా ట్రిబ్యునల్‌కు పంపడం కన్న యాజమాన్యం, సంఘం పరస్పరం చర్చించుకొని తేల్చుకోవడమే మేలన్నది దాని సారాంశం. న్యాయస్థానాల చుట్టూ తిరగడం వల్ల సంఘాలు బలహీనపడతాయని ఆయన భావించారు. అయితే బలమైన సంఘం లేని పరిశ్రమలలో ట్రిబ్యునల్ రక్షణ కూడా తొలగిపోతే కార్మికుడు ఎవరిని ఆశ్రయించాలని కార్మిక నాయకులలోనే కొందరు ప్రశ్నించారు. ఈ చర్చ నేటికీ ముగియలేదు.

బ్యాంకు ఉద్యోగుల వేతనాలపై ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును ప్రభుత్వం ఉద్యోగులకు ప్రతికూలంగా సవరించడంతో, 1954 ఆగస్టులో గిరి మంత్రిపదవికి రాజీనామా చేశారు. సూత్రం కోసం పదవిని వదులుకొన్న సందర్భంగా ఆయన అభిమానులు దీనిని మొదట చెబుతారు.

1957లో పార్వతీపురం ద్విసభ్య నియోజకవర్గంలో గిరి పరాజయం పొందారు. షెడ్యూల్డు తెగల అభ్యర్థి దిప్పల సూరిదొర ఆయనకన్న ఎక్కువ ఓట్లు పొంది జనరల్ స్థానానికి ఎన్నికయ్యారు. గిరి ఆ ఎన్నికను సుప్రీంకోర్టు వరకు సవాలు చేశారు. రిజర్వుడు స్థానానికి అర్హుడైన అభ్యర్థి అధిక ఓట్లతో జనరల్ స్థానాన్నీ గెలుచుకోవచ్చునని న్యాయస్థానం తేల్చింది. ఆదివాసీ ప్రాతినిధ్య చరిత్రలో ప్రాముఖ్యం గల ఆ తీర్పులో, శ్రామికుల నేత ఓడిన పక్షాన నిలవడం గమనార్హం.

గవర్నరుగా ఉత్తరప్రదేశ్, కేరళ, మైసూరు రాష్ట్రాలలో గిరి పనిచేశారు. 1965 కేరళ ఎన్నికలలో ఏ పక్షానికీ ఆధిక్యం రాకపోవడంతో శాసనసభ ఒక్కసారైనా సమావేశం కాకముందే రద్దయింది. అప్పటి గవర్నరుగా ఆయన పాత్రపై విమర్శలు వచ్చాయి.

1969 ఎన్నిక

1967లో ఉపరాష్ట్రపతి అయిన గిరి, 1969 మే 3న జాకీర్ హుస్సేన్ ఆకస్మిక మరణంతో తాత్కాలిక రాష్ట్రపతి బాధ్యతలు స్వీకరించారు. కాంగ్రెస్ పార్టీ నీలం సంజీవరెడ్డిని అధికారిక అభ్యర్థిగా ఎంపిక చేసింది. జూలై 19న 14 బ్యాంకుల జాతీయీకరణ ఆర్డినెన్సుపై సంతకం చేసిన గిరి, మరునాడే పదవికి రాజీనామా చేసి స్వతంత్ర అభ్యర్థిగా బరిలోకి దిగారు. ప్రధాని ఇందిరాగాంధీ అంతరాత్మ ప్రబోధం మేరకు ఓటు వేయాలని కాంగ్రెస్ సభ్యులకు పిలుపునిచ్చారు. దేశపు అత్యున్నత పదవికి ఇద్దరు తెలుగువారు ముఖాముఖి తలపడ్డారు.

మొదటి ప్రాధాన్య ఓట్లలో గిరికి 4,01,515, సంజీవరెడ్డికి 3,13,548, సి.డి.దేశ్‌ముఖ్‌కు 1,12,769 విలువ గల ఓట్లు లభించాయి. ఎవరికీ అవసరమైన కోటా రాకపోవడంతో రెండో ప్రాధాన్య ఓట్లను లెక్కించారు. చివరికి గిరి 4,20,077, సంజీవరెడ్డి 4,05,427 ఓట్లు పొందారు. తేడా 14,650 మాత్రమే. కొన్ని నెలలకే కాంగ్రెస్ రెండుగా చీలింది.

సంజీవరెడ్డిని కించపరిచే కరపత్రం పార్లమెంటు సభ్యులకు పంచిపెట్టారన్న ఆరోపణతో ఈ ఎన్నికను సుప్రీంకోర్టులో సవాలు చేశారు. పదవిలో ఉన్న రాష్ట్రపతి స్వయంగా న్యాయస్థానానికి హాజరై సాక్ష్యమిచ్చారు. ఆరోపణలు రుజువు కాలేదని 1970లో న్యాయస్థానం పిటిషన్లను కొట్టివేసింది.

రాష్ట్రపతిగా

ప్రధాని నిర్ణయాలను ప్రశ్నించకుండా ఆమోదించారన్నది గిరి పదవీకాలంపై ప్రధాన విమర్శ. 1970లో సోవియట్ పర్యటనలో ఉండగా ఉత్తరప్రదేశ్‌లో రాష్ట్రపతి పాలన విధించే పత్రంపై కీవ్‌లో సంతకం చేశారు. అదే ఏడాది మాజీ సంస్థానాధీశుల గుర్తింపును రద్దుచేస్తూ వెలువడిన ఉత్తర్వును సుప్రీంకోర్టు చెల్లదని ప్రకటించింది. 1973లో ముగ్గురు సీనియర్ న్యాయమూర్తులను కాదని ఎ.ఎన్.రేను ప్రధాన న్యాయమూర్తిగా నియమించడం మరో వివాదం. మంత్రివర్గ సలహా మేరకే రాష్ట్రపతి నడుచుకోవాలన్న పార్లమెంటరీ సంప్రదాయాన్ని ఆయన పాటించారని సమర్థకులు బదులిస్తారు.

1974 మే 8న మొదలైన రైల్వే సమ్మె ఈ చర్చకు పరాకాష్ఠ. సుమారు 17 లక్షల మంది శ్రామికులు పాల్గొన్న ఆ సమ్మెకు నాయకత్వం వహించిన జార్జి ఫెర్నాండెజ్, గిరి స్వయంగా నెలకొల్పిన రైల్వేమెన్స్ ఫెడరేషన్‌కే అప్పటి అధ్యక్షుడు. వేల మందిని అరెస్టు చేశారు, ఉద్యోగాల నుంచి తొలగించారు. దేశంలోని పలు రైల్వే కాలనీలలో కుటుంబాలను ఇళ్లు ఖాళీ చేయించారు. మే 27న సమ్మె ముగిసింది. 1927లో తొలగింపులకు వ్యతిరేకంగా నిలిచిన నాయకుడు, 1974లో తొలగింపులు జరుపుతున్న రాజ్యానికి అధిపతి. రాజ్యాంగం రాష్ట్రపతికి ఇచ్చిన అవకాశం పరిమితమే. అయినా, పదవికోసం ఒకప్పుడు మౌనం వహించని వ్యక్తి ఈసారి బహిరంగంగా ఒక మాటైనా చెప్పి ఉండవలసిందన్నది కార్మిక వర్గాలలో మిగిలిపోయిన వెలితి.

వారసత్వం

1974 ఆగస్టులో పదవీ విరమణ చేసిన గిరికి 1975లో భారతరత్న లభించింది. 1980 జూన్ 24న మద్రాసులో కన్నుమూశారు. నోయిడాలోని జాతీయ కార్మిక సంస్థకు 1995లో ఆయన పేరు పెట్టారు. 1957లో భారత కార్మిక అర్థశాస్త్ర సంఘం స్థాపనలోనూ ఆయనది ముఖ్యపాత్ర.

బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే నేడు ఆగ్నేయ రైల్వేగా మారింది. ఖరగ్‌పూర్ వర్క్‌షాపు ఇంకా పనిచేస్తూనే ఉంది. కొలువు కోసం ఊరుగాని ఊరు వచ్చిన శ్రామికునికి సంఘమే అండ అని చెప్పిన నేతగా గిరిని స్మరించడం న్యాయం. అధికారపీఠం మీద కూర్చున్నాక ఆ అండ ఎంతవరకు నిలిచిందని అడగడం కూడా అంతే న్యాయం.