పదిమంది వ్రాయు పలక



మన యిండ్లలో పిల్లలు ఫోను చేతబట్టి యేదో వ్రాయుచు, "ఇది బడిపని, నలుగురము కలసి వ్రాయుచున్నాము" అని చెప్పగా మీరు వినియుందురు. ఒకడు తూర్పువీధిలోను, ఒకడు పడమటివీధిలోను కూర్చుండి ఒక్క పుటమీద నెట్లు కలసి వ్రాయుదురని మీకు సందేహము కలుగవచ్చును. పంతులు లేని బడి వచ్చుచున్నదేమో యను భయమును కలుగవచ్చును. ఈ రెంటికిని సమాధానము చరిత్రలో నున్నది. ఆ చరిత్రలో నొక ముఖ్యఘట్టము మన దక్షిణదేశముననే జరిగినది గనుక, నేడు దానిని మీకు విన్నవించెదను.

మన వీధిబడి పూర్వ మెట్లుండెడిదో మా తాతగారు చెప్పగా వింటిని. అరుగుమీద నిసుక పఱచి, క్రొత్తగా చేరిన పిల్లవానిచేత వ్రేలితో ఓనమాలు దిద్దించెడివారు. ఆ వ్రేలు పట్టుకొని దిద్దించునది తఱచుగా అయ్యవారు కారు; నిరుడు ఆ యిసుకలోనే దిద్దిన పెద్దపిల్లవాడు. తప్పు వచ్చినచో అరచేతితో నొక్కసారి తుడిచిన చాలును. కాగితపు ఖర్చు లేదు. చెప్పినవానికి పాఠము గట్టిపడెడిది, చెప్పించుకొన్నవానికి చనువుండెడిది. అయ్యవారు బెత్తము చేతబట్టి యన్ని వరుసలను గమనించుచు, ఎవ్వడు వెనుకబడెనో కనిపెట్టెడివారు.

1789లో ఆండ్రూ బెల్ అను స్కాట్లండు మతాచార్యుడు మదరాసు ఎగ్మూరులోని అనాథబాలుర యాశ్రమమునకు పర్యవేక్షకుడయ్యెను. ఆయన యొకనాటి యుదయము గుఱ్ఱముపై పోవుచు, ఒక దేశీయపాఠశాలలో పిల్లలు ఇసుకలో వ్రాయుచుండుట చూచెను. తన బడిలోను అట్లే చేయుడని యుపాధ్యాయులకు చెప్పగా, వారు సమ్మతింపలేదు. అంతట బెల్, జాన్ ఫ్రిస్కెన్ అను ఎనిమిదేండ్ల విద్యార్థికి చిన్నతరగతిని అప్పగించెను. పెద్దలు కాదన్న పనిని ఆ బాలుడు చేసి చూపెను. 1797లో బెల్ ఈ ప్రయోగమును గూర్చి లండనునందు ఒక చిన్న గ్రంథము ప్రకటించెను. ఆ పద్ధతికి "మదరాసు పద్ధతి" యను పేరు ప్రసిద్ధమైనది.

1822లో మదరాసు గవర్నరు సర్ తామస్ మన్రో రాజధానిలోని పాఠశాలల లెక్కలు పంపుడని కలెక్టరుల కుత్తరువు చేసెను. తెలుగువ్యాకరణము రచించిన ఏ. డి. కాంబెల్ అప్పుడు బళ్ళారి కలెక్టరు. ఆయన 1823లో పంపిన నివేదిక ప్రకారము ఆ జిల్లాలో 533 పాఠశాలలుండెను. వానిలో 226 తెలుగుబడులు. ముందు నేర్చినవారిచేత వెనుకవారికి నేర్పించుట మెచ్చదగినదనియు, ఇంగ్లండువారు దానిని అనుకరించుట తగినదే యనియు ఆయన వ్రాసెను. అయితే ఆయన మెప్పుతో నాగలేదు. పిల్లలు పద్యములు వల్లించుచున్నారు గాని యర్థ మెఱుగరనియు, జనుల పేదఱికమువలన బడులు క్షీణించుచున్నవనియు స్పష్టముగా తెలిపెను. ఈ రెండు మాటలను జ్ఞాపకముంచుకొనుడు. వానితో మఱల పనియున్నది.

ఇసుకపలక యింగ్లండునకు పోయిన పిమ్మట నేమైనది? 1798లో లండను సౌత్‌వర్కునందు జోసెఫ్ లాంకాస్టరు బడి తెఱచి, పిల్లలచేత పిల్లలకు చెప్పించు పద్ధతిని విస్తరింపజేసెను. వేయిమంది బాలురకు ఒక్క యుపాధ్యాయుడు చాలునని ఆయన వాదము. ధనికులకు ఆ మాట మిక్కిలి రుచించినది. ఉపాధ్యాయుల జీతములు మిగులును గదా! ఇటు బెల్ పద్ధతిని వ్యాపింపజేయుటకు 1811లో నేషనల్ సొసైటీ యేర్పడెను. పెద్ద పెద్ద శాలలలో గంటకొట్టినట్లు పాఠములు జరిగెను. కాని చెప్పు పిల్లవానికే అర్థము తెలియనప్పుడు వినువాని కేమి తెలియును? కొన్ని దశాబ్దములకే యీ లోపము బయటపడెను. 1846లో ఆ దేశప్రభుత్వము, పదుమూడేండ్లు నిండిన విద్యార్థులను ఐదేండ్లపాటు ప్రధానోపాధ్యాయునియొద్ద శిక్షణలో నుంచు క్రొత్త యేర్పాటు చేసెను. మన అరుగుమీద ఆ పద్ధతి అయ్యవారికి చేదోడై యుండెను. అచ్చట అయ్యవారికి బదులుగా వాడబడి చెడెను. నేటి నా ప్రసంగమునకు సారమిదియే.

పిదప ఇరువదవ శతాబ్దమున ఫ్రాన్సుదేశమునందు సెలెస్టిన్ ఫ్రెనే అను పల్లెటూరి బడిపంతులు వేఱొక దారి త్రొక్కెను. మొదటి ప్రపంచయుద్ధములో ఊపిరితిత్తులకు గాయమైనందున ఆయన తరగతిలో చాలసేపు మాటలాడలేకుండెను. 1920 తరువాతి యేండ్లలో ఆయన తన బడికి చిన్న అచ్చుయంత్రము తెచ్చెను. పిల్లలు తాము చూచినది వ్రాసి, అందఱును కలసి దిద్ది, తమ చేతులతోనే యక్షరములు కూర్చి యచ్చొత్తి, దూరదేశపు మఱియొక బడికి పంపెడివారు. తమ వ్రాతను నిజముగా చదువువారున్నారని తెలిసినప్పుడు బాలురకు తప్పొప్పులయందు శ్రద్ధ తానే కలుగును. బెల్ బడిలో పిల్లలు పరుల పాఠమును పంచుకొనిరి. ఫ్రెనే బడిలో తమ సొంత మాటను పంచుకొనిరి.

1986లో కెనడాలోని టొరాంటో నగరమున మార్లిన్ స్కార్డమాలియా, కార్ల్ బెరైటర్ అను విద్వాంసులు ఇదే పనిని కంప్యూటరుమీద నారంభించిరి. ఒక బాలుడు తన యూహను వ్రాయును; వేఱొక బాలిక దానిక్రింద ప్రశ్న వ్రాయును; మూడవవాడు చదివి తెలిసికొన్నది చేర్చును. 1995లో అమెరికాలో వార్డ్ కన్నింగ్‌హాం అను ఆయన, చదువువారెవ్వరైనను దిద్దగల పుటలను ఇంటర్నెట్టుమీద నిర్మించెను. దానికి హవాయి భాషలో "శీఘ్రము" అను నర్థముగల "వికీ" యను పేరు పెట్టెను. 2001 జనవరిలో వికీపీడియా పుట్టెను. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా యారంభమయ్యెను. 2006లో గూగుల్ సంస్థ, పలువురు ఒక్క లేఖను ఏకకాలమున వ్రాయదగిన సాధనమును ప్రకటించెను. మన పిల్లలు చూపుచున్నది అట్టి పలకనే.

ఇసుకకును దీనికిని భేద మొక్కటి. ఇసుకలో తుడిచినది పోవును. ఇందులో నెవ్వరు, ఎప్పుడు, ఏమి మార్చిరో నిలిచియుండును. పండితులకిది క్రొత్త కాదు. కడపలో బ్రౌను దొర తెలుగుకావ్యముల తాళపత్రప్రతులను సేకరించి, పండితులను కూర్చుండబెట్టి, పాఠాంతరములు సరిచూపించి, శుద్ధప్రతులు వ్రాయించెను. పదిమంది పరిష్కరించు పుట యనగా నదియే. ఆ పండితులు చేసిన పనిని తొమ్మిదవ తరగతి పిల్లలును తమ శక్తికొలది చేయగలరు.

ఈ మాట నేను చూచి చెప్పుచున్నాను. నా యుద్యోగపు కడపటి యేండ్లలో మా బడికి ఇంటర్నెట్టుగల కంప్యూటరులు మూడు వచ్చెను. మా యూరి చెఱువు చరిత్రను పిల్లలచేత ఒక్క పుటపై వ్రాయించితిని. మొదటి వారమంతయు చుఱుకైన యొక బాలుడే వ్రాసెను, తక్కినవారు చూచుచుండిరి. ఎవరి వ్రాత యెంతయో ఆ సాధనమే చూపుచుండెను గనుక, అంతట పని పంచితిని. ఒకరు పెద్దల నడుగుట, ఒకరు వ్రాయుట, ఒకరు దిద్దుట, ఒకరు కట్టపైకి పోయి సరిచూచుట. ఎన్నడును నోరు విప్పని యొక పిల్లవాడుండెను. వాని తాత చెఱువు నీరుగంటి. తూముల పేరులు, ఏ తూము క్రింద నే పొలము పాఱునో, అలుగు ఎప్పుడు పొర్లునో వానికి కంఠస్థము. ఆ పుటలో సగభాగము వాని మాటలే నిలిచెను. మంచి మార్కులు వచ్చువారు వానిని పిలిచి యడిగి వ్రాసికొనిరి. కంప్యూటరు ఆ జ్ఞానము నీయలేదు, దానికి చోటిచ్చినది. ఆ చోటు కల్పించుట ఉపాధ్యాయుని పని.

ఇక రెండవ మాట, పేదఱికము. 2020 మార్చిలో కరోనావ్యాధి కారణమున బడులు మూతపడెను. తెలంగాణమున సెప్టెంబరు 1వ తేది నుండి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ద్వారా పాఠములు ప్రసారమయ్యెను. ఇంట టీవీ యున్నవారు చూచిరి. లేనివారు పొరుగింటి గడపయొద్ద నిలిచిరి. ఉన్న యొక్క ఫోనును తండ్రి కూలిపనికి తీసికొనిపోయిన యింటిలో, పదిమంది వ్రాయు పలకపై ఆ యింటిపిల్ల కెట్లు చోటు దొరకును? ఇసుక యందఱ కాళ్ళక్రింద నుండెను. ఫోను అందఱ యిండ్లలో లేదు. పలక యెంత గొప్పదైనను ఒక్క పిల్లను వెలుపల నుంచినచో అది బడికి తగదు.

కావున గ్రామపెద్దలైన మీరు బడికి క్రొత్త యంత్రము వచ్చినపుడు రెండు ప్రశ్న లడుగుడు. ఇది పంతులుగారికి చేదోడా, లేక వారి కుర్చీ తీసివేయుటకు సాకా? ఫోను లేని యింటిపిల్ల దీనిపై నెప్పుడు, ఎక్కడ కూర్చుండి వ్రాయును? బడి వదలిన పిమ్మట నొక గంటసేపు గ్రంథాలయమునో, పంచాయతీ కార్యాలయమునో తెఱచి యుంచుట మీ చేతిలోని పని. మీకు తెలిసిన యూరి సంగతులను, పిల్లలు వచ్చి యడిగినపుడు, విసుగుకొనక చెప్పుట యింకను సులభమైన పని. ఆ పలకపై వారు వ్రాయవలసినది చాలవఱకు మీయొద్దనే యున్నది.