ప్రదర్శన ప్రతి – మూలపాఠం: ‘స్టార్ వార్స్’ (1977) అభిమాన పరిరక్షణ

ప్రాచీన కావ్యాల పరిష్కరణలో కవి స్వహస్తలిఖితం లభించడం అరుదు. దొరికిన వ్రాతప్రతులను పోల్చి, లేఖక దోషాలను తొలగించి, మూలానికి సమీపమైన పాఠాన్ని పరిష్కర్త నిర్ణయిస్తాడు. చలనచిత్రానికి ఈ చిక్కు ఉండదనిపిస్తుంది. కెమెరా నెగటివ్ మాతృక, మిగిలినవన్నీ దాని నకళ్లు. జార్జ్ లూకాస్ దర్శకత్వంలో 1977 మే 25న అమెరికాలో విడుదలైన ‘స్టార్ వార్స్’ విషయంలో ఈ క్రమం తలకిందులైంది.

1997లో ఈ చిత్రం ‘స్పెషల్ ఎడిషన్’గా మళ్లీ విడుదలైంది. కంప్యూటర్‌తో రూపొందించిన దృశ్యాలు చేరాయి. పానశాల సన్నివేశంలో తొలుత హాన్ సోలో ఒక్కడే కాల్పులు జరపగా, కొత్త రూపంలో గ్రీడో ముందు కాలుస్తాడు. ఇది పాత్ర స్వభావాన్నే మార్చిన సవరణ. అంతకన్నా కీలకమైన విషయం, ఈ మార్పులను మూల నెగటివ్‌లోనే చేర్చడం. ఆ తరువాత తొలి రూపం అధికారికంగా 2006లో డీవీడీపై వచ్చినా, అది 1993 నాటి లేజర్‌డిస్క్ మాస్టర్ నుండి తీసిన అనుబంధం మాత్రమే.

పాత చిత్రాలకు రంగులద్దడాన్ని, వాటిని మార్చడాన్ని వ్యతిరేకిస్తూ లూకాస్ 1988లో అమెరికన్ కాంగ్రెస్ ఎదుట మాట్లాడాడు. సృష్టికర్త కాని యజమానులు చేసే మార్పులపైనే ఆయన అభ్యంతరమని సమర్థించవచ్చు. అయితే మరుసటి ఏడాదే ‘స్టార్ వార్స్’ అమెరికా జాతీయ ఫిల్మ్ రిజిస్ట్రీ తొలి 25 చిత్రాలలో చోటు పొందింది. అలా గౌరవం పొందినది 1997కు ముందటి రూపమే. తెలుగు పాఠకునికి 2010లో రంగులద్దిన ‘మాయాబజార్’ గుర్తుకు రావచ్చు. కానీ అక్కడ నలుపు తెలుపు రూపం ప్రేక్షకులకు దూరం కాలేదు.

ఇక్కడే థియేటర్ ప్రింటుకు విలువ ఏర్పడింది. మాతృకకు కొన్ని తరాల దూరంలో ఉండే ఈ ప్రతిని ఆడినన్నాళ్లు ఆడించి నాశనం చేయడమే పరిశ్రమ రివాజు. తప్పించుకున్నవి సేకర్తల చేతికి చేరాయి. ఆ కాలపు ఈస్ట్‌మన్ కలర్ ప్రింట్లలో ఇతర వర్ణాలు వెలిసి ఎరుపు మిగులుతుంది. మూడు మాతృకల నుండి వర్ణద్రవ్యాలను ఫిల్ముపైకి బదిలీ చేసే టెక్నికలర్ పద్ధతిలో రంగు నిలుస్తుంది. అమెరికాలో అప్పటికే ఆగిపోయిన ఆ పద్ధతి లండన్‌లో కొనసాగుతుండడంతో, ఈ చిత్రానికి అటువంటి ప్రింట్లు కొన్ని తయారయ్యాయి. ‘టీమ్ నెగటివ్ వన్’ అనే అభిమాన బృందం 2016లో ‘సిల్వర్ స్క్రీన్ ఎడిషన్’ను వెలువరించింది. 2018లో వచ్చిన ‘4కె77’లో 97 శాతం ఒకే 1977 టెక్నికలర్ ప్రింటు నుండి స్కాన్ చేసినదని రూపకర్తలు ప్రకటించారు.

ప్రింటు సాక్ష్యమే గాని పాఠం కాదు. గీతలు, ధూళి, రీలు చివర చిరిగిపోయిన ఫ్రేములు లేఖక దోషాల వంటివి. లోపించిన చోట మరో ప్రింటును ఆశ్రయించడం పాఠపూరణమే. ఫిల్ము రేణువుల విషయంలో బృందం ఏకపక్షంగా తీర్పు చెప్పలేదు. రేణువులను తగ్గించిన ప్రతిని, తగ్గించని ప్రతిని విడివిడిగా అందించింది. ఈ నిజాయితీ ఎన్నో ముద్రిత పరిష్కరణలలో కానరాదు. అసలు ‘1977 రూపం’ అన్నదే ఏకవచనం కాదు. ఆనాడే 70 ఎంఎం, 35 ఎంఎం స్టీరియో, మోనో ప్రదర్శనలకు వేర్వేరు ధ్వనిమిశ్రమాలు ఉండేవి. మోనోలో కొన్ని సంభాషణలు సైతం వేరు. ‘ఎపిసోడ్ 4’ అన్న ఉపశీర్షిక తెరపైకి వచ్చింది 1981లో.

హక్కుదారుల అనుమతి లేకుండా చలామణి అయ్యే ఈ ప్రతులను చట్టం గుర్తించదు. పరిశోధకునికి చిక్కు ఇక్కడే: తొలి రూపాన్ని పరిశీలించడానికి అనువైన ఆధారం, ఉదహరించడానికి ఇబ్బందికరమైన ఆధారం ఒకటే. 2025 జూన్‌లో బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ లండన్‌లో తన ఫిల్మోత్సవానికి తెరిచింది కూడా 1977 నాటి అటువంటి టెక్నికలర్ ప్రింటునే.