బుక్ చేసిన హోటల్ ఒకటి, బస మరొకచోట: ట్రావెల్ ఏజెంటు చేసే మార్పులపై వినియోగదారుల హక్కులు

వేసవి సెలవుల్లోను, కార్తీక మాసంలోను తెలుగు రాష్ట్రాల నుండి కాశీ, గయ, ప్రయాగ, హరిద్వార్ వంటి పుణ్యక్షేత్రాలకు ప్యాకేజీ యాత్రలపై వెళ్ళే కుటుంబాలు అనేకం. సొమ్ము ముందుగానే చెల్లించబడుతుంది. హోటల్ పేరు, గది తరగతి, బస చేసే రోజుల సంఖ్య రసీదుపైనో, వోచరుపైనో ఉంటాయి. తీరా ఊరు చేరిన తరువాత "అక్కడ గదులు ఖాళీ లేవు, మరొకచోట ఏర్పాటు చేశాము" అన్న సమాధానం ఎదురవుతుంది. అర్ధరాత్రి వేళ సామానుతో, వృద్ధులతో వీధిలో నిలబడిన కుటుంబం బేరమాడగల స్థితిలో ఉండదు. చూపించిన గదిలో దిగుతుంది. అలా దిగినంత మాత్రాన మార్పుకు అంగీకరించినట్లు కాదు.

ప్యాకేజీ యాత్రలకే ప్రత్యేకించిన కేంద్ర చట్టం మన దేశంలో లేదు. ఐరోపా సమాఖ్య 2015లో జారీచేసిన ఆదేశం ప్రకారం, నిర్వాహకుడు యాత్ర ముఖ్యాంశాలను గణనీయంగా మార్చవలసి వస్తే, యాత్రికుడు ఎటువంటి రుసుము చెల్లించకుండా ఒప్పందం నుండి వైదొలగవచ్చు. ఇక్కడ అదే రక్షణను భారత ఒప్పందాల చట్టం, 1872, వినియోగదారుల రక్షణ చట్టం, 2019ల నుండి పొందవలసి ఉంటుంది. ఒప్పందాల చట్టం 62వ సెక్షన్ ప్రకారం ఒక ఒప్పందం స్థానంలో మరొకటి రావాలన్నా, దానిని సవరించాలన్నా ఇరుపక్షాల సమ్మతి అవసరం. 2020 జూలై 20న అమలులోకి వచ్చిన 2019 చట్టం, ఒప్పందం మేరకు అందించవలసిన సేవలో నాణ్యత, స్వభావం లేదా నిర్వహణ తీరు కొరవడితే దానిని సేవాలోపంగా 2(11) సెక్షన్‌లో నిర్వచించింది. పేరు చెప్పి సొమ్ము తీసుకున్న హోటల్‌కు బదులు తక్కువ స్థాయి హోటల్ ఇవ్వడం ఈ నిర్వచనంలోకి వస్తుంది.

"లేదా తత్సమాన హోటల్"

వివాదాలలో అధిక భాగం ఈ మూడు మాటల చుట్టూ తిరుగుతుంది. కరపత్రంలో హోటల్ పేరు పెద్ద అక్షరాలతోను, దాని పక్కన "లేదా తత్సమానం" అన్నది చిన్న అక్షరాలతోను ముద్రించబడుతుంది. ఈ షరతు ఏజెంటుకు కొంత వెసులుబాటు ఇస్తుంది కాని, ఇష్టం వచ్చిన గది చూపించే అధికారం ఇవ్వదు. నక్షత్రాల సంఖ్య ఒక్కటే సమానతకు కొలమానం కాదు. కేంద్ర పర్యాటక మంత్రిత్వ శాఖ ఇచ్చే నక్షత్ర వర్గీకరణ హోటళ్ళు స్వచ్ఛందంగా కోరి పొందేది మాత్రమే. కనుక కరపత్రంలో "త్రీస్టార్ స్థాయి" అని రాసి ఉంటే, ఆ హోటల్‌కు వర్గీకరణ ఉన్నదా, లేక అది ఏజెంటు సొంత వర్ణనయా అన్నది ముందే అడిగి తెలుసుకోవడం మేలు.

కాశీ యాత్రనే తీసుకుందాం. మోకాళ్ళ నొప్పులున్న తల్లిదండ్రుల కోసం ఒక కుటుంబం దశాశ్వమేధ ఘాట్‌కు నడిచి వెళ్ళగల దూరంలో, లిఫ్టు సౌకర్యం గల హోటల్‌ను ఎంచుకుని అధిక ధర చెల్లించిందని అనుకుందాం. ఏజెంటు వారిని కంటోన్మెంటు ప్రాంతంలోని హోటల్‌లో దింపాడు. గది ఇంకా విశాలమైనదే, అద్దె కూడా దాదాపు అంతే కావచ్చు. అయినా తెల్లవారుజామున గంగా స్నానానికి రావాలంటే ఆటో వెతుక్కోవాలి, రద్దీ వేళల్లో గొదౌలియా కూడలి వద్దే దిగి జనంలో నడవాలి. ఆ కుటుంబం డబ్బు చెల్లించినది ప్రధానంగా దూరం తగ్గడానికి. అది పోయిన తరువాత తక్కిన సౌకర్యాల సమానతకు విలువ స్వల్పం. కాకపోతే ఘాట్‌కు సమీపం, లిఫ్టు అన్నవి బుకింగ్ సమయంలోనే రాతపూర్వకంగా నమోదై ఉండాలి. ఫోనులో చెప్పిన మాటను తరువాత నిరూపించడం కష్టం.

బాధ్యత ఎవరిది?

ఏజెంటు తప్పును హోటల్‌పైకి, హోటల్ తప్పును ఏజెంటుపైకి నెట్టడం పరిపాటి. ప్రయాణం, బస, భోజనం కలిపి ఒకే ధరకు అమ్మిన నిర్వాహకుడు తన పేరుతో ఒప్పందం చేసుకున్నాడు కనుక వినియోగదారుకు జవాబుదారీ అతడే. హోటల్‌తో అతడి లావాదేవీ అతడి సొంత వ్యవహారం. కేవలం కమీషనుపై గది బుక్ చేసిపెట్టిన ఏజెంటు విషయం కొంత భిన్నం. ఒప్పందాల చట్టం 230వ సెక్షన్ ప్రకారం యజమాని తరఫున చేసిన ఒప్పందానికి ఏజెంటు సాధారణంగా వ్యక్తిగతంగా బద్ధుడు కాడు. అయితే యజమాని ఎవరో వెల్లడించని పక్షంలో అందుకు విరుద్ధంగా భావించబడుతుంది. సందేహం ఉన్నప్పుడు ఇరువురినీ ప్రతివాదులుగా చేర్చడం శ్రేయస్కరం.

ఆన్‌లైన్ బుకింగ్ సంస్థలకు వినియోగదారుల రక్షణ (ఈ-కామర్స్) నియమాలు, 2020 వర్తిస్తాయి. వారి ఫిర్యాదుల అధికారి ఫిర్యాదు అందినట్లు 48 గంటలలోగా తెలియజేసి, ఒక నెలలోగా పరిష్కరించాలి. అంగీకరించిన లక్షణాలు లేని సేవకు సొమ్ము వాపసు నిరాకరించరాదన్న నిబంధన కూడా ఇందులో ఉంది. 2023 నవంబర్ 30న జారీ అయిన 'డార్క్ ప్యాటర్న్స్' మార్గదర్శకాలు, ఒకటి చూపి మోసపూరితంగా మరొకటి అంటగట్టే పద్ధతిని నిషిద్ధమైన 13 పద్ధతులలో ఒకటిగా చేర్చాయి.

మొదటి గంటలో చేయవలసినది

ఫిర్యాదు నిలిచేదీ, వీగిపోయేదీ చాలావరకు ఇక్కడే నిర్ణయమవుతుంది. గదిలో దిగకముందే, లేదా దిగిన వెంటనే, "బుక్ చేసిన హోటల్ ఇవ్వనందున అభ్యంతరం తెలుపుతూ, గత్యంతరం లేక ఇక్కడ దిగుతున్నాము, వ్యత్యాసం, నష్టపరిహారం కోరే హక్కును వదులుకోవడం లేదు" అని ఏజెంటుకు ఈ-మెయిల్ లేదా వాట్సాప్ ద్వారా పంపాలి. ఈ రెండు వాక్యాలు తరువాత రాసే పది పేజీల నోటీసు కంటే విలువైనవి. "సంతృప్తిగా ఉంది" అని ముద్రించిన అభిప్రాయ పత్రంపై సంతకం చేయరాదు. అసలు హోటల్ కౌంటరులో విచారించి, తమ పేరిట బుకింగ్ ఉన్నదో లేదో రాతపూర్వకంగా కోరాలి. చాలా సందర్భాలలో అసలు గుట్టు అక్కడే బయటపడవచ్చు. గది ఫొటోలు, ఆటో ఖర్చుల వివరాలు, వోచరు, కరపత్రం భద్రపరచాలి. ఫోనులోని అసలు సందేశాలను చెరిపివేయరాదు.

సొంతంగా మరో హోటల్ చూసుకునే వారు దాదాపు అదే స్థాయి గదిని ఎంచుకోవడం మంచిది. నష్టాన్ని లెక్కించేటప్పుడు దానిని తగ్గించుకునేందుకు బాధితునికి ఉన్న మార్గాలను కూడా గమనంలోకి తీసుకోవాలని ఒప్పందాల చట్టం 73వ సెక్షన్ వివరణ చెబుతోంది. బాధితుడు విలాసవంతమైన గదిలో దిగి ఆ బిల్లంతా ఏజెంటుపై వేస్తే కమిషన్ అంగీకరించకపోవచ్చు.

ఏజెంటుకు అనుకూలంగా ఉండే సందర్భాలూ లేకపోలేదు. ప్రయాణానికి ముందే మార్పు తెలిపి యాత్రికుని లిఖితపూర్వక సమ్మతి తీసుకున్నప్పుడు, ఇచ్చిన హోటల్ అన్నివిధాలా సమానమైనదో, మెరుగైనదో అయినప్పుడు సేవాలోపం నిలవదు. కొండచరియలు విరిగిపడి దారి మూసుకుపోతే తప్పు ఎవరిదీ కాదు. అయినా అందించని సేవకు తీసుకున్న సొమ్మును ఉంచుకునే హక్కు దానివల్ల రాదు.

ఫిర్యాదు ఎక్కడ?

ముందుగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. ఇది వ్యాజ్యానికి పూర్వపు రాజీ ప్రయత్నం మాత్రమే, ఉత్తర్వు జారీచేసే అధికారం దీనికి లేదు. పరిష్కారం కాని పక్షంలో జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించాలి. 2021 డిసెంబర్‌లో జారీ అయిన నియమాల ప్రకారం చెల్లించిన ప్రతిఫలం 50 లక్షల రూపాయలు మించని ఫిర్యాదులు జిల్లా కమిషన్ పరిధిలోకి వస్తాయి. 5 లక్షల వరకు రుసుము లేదు. కుటుంబ యాత్రలలో అత్యధికం ఈ పరిధిలోనే ఉంటాయి.

ఏజెంటు కార్యాలయం ముంబయిలోనో, ఢిల్లీలోనో ఉన్నా, ఫిర్యాదీ తాను నివసించే జిల్లాలోనే ఫిర్యాదు దాఖలు చేసే వీలును 34వ సెక్షన్ కల్పించింది. 1986 నాటి చట్టంలో ఈ సౌలభ్యం లేదు. షరతులలో ఆర్బిట్రేషన్ నిబంధన ఉన్నా వినియోగదారుల ఫిర్యాదుకు అది అడ్డు కాదని 2018 డిసెంబర్ 10న ఎమార్ ఎంజీఎఫ్ కేసులో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. అయితే షరతే అన్యాయమైనదని, దానిని రద్దు చేయాలని కోరదలచినవారు రాష్ట్ర కమిషన్‌కు వెళ్ళవలసి ఉంటుంది. ఆ అధికారం జిల్లా కమిషన్‌కు లేదు.

వివాదం తలెత్తిన నాటి నుండి రెండేళ్ళలోగా దాఖలు చేయాలి. న్యాయవాది తప్పనిసరి కాదు. 2025 జనవరి 1న ప్రారంభమైన ఈ-జాగృతి పోర్టల్ ద్వారా ఇంటి నుండే దాఖలు చేయవచ్చు. సొమ్ము చెల్లించినవారే కాక, వారి ఆమోదంతో సేవ పొందిన కుటుంబ సభ్యులూ వినియోగదారులే. ఒకే బస్సులో వెళ్ళిన బృందమంతా నష్టపోతే, కమిషన్ అనుమతితో అందరి తరఫున ఒకరు ఫిర్యాదు చేయవచ్చు. ధరలో వ్యత్యాసం, అదనపు రవాణా ఖర్చు, మానసిక వేదనకు పరిహారం, వ్యాజ్యపు ఖర్చులు కోరవచ్చు. వేధింపునకు, మానసిక క్షోభకు పరిహారం ఇవ్వవచ్చునని లక్నో అభివృద్ధి సంస్థ కేసులో 1993లోనే సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఒక రాత్రి బస మారినందుకు లక్షలు కోరే ఫిర్యాదు మాత్రం న్యాయమైన కోరికను కూడా పలుచన చేస్తుంది.

ఒకే సంస్థపై పదేపదే ఇవే ఆరోపణలు వస్తున్నప్పుడు అది వ్యక్తుల వివాదంగా మిగలదు. వినియోగదారుల సమూహ హక్కుల ఉల్లంఘనపై ఫిర్యాదు అందితే విచారించే అధికారం 16వ సెక్షన్ కింద జిల్లా కలెక్టర్లకు ఉంది. తప్పుదోవ పట్టించే ప్రకటనలపై కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 10 లక్షల రూపాయల వరకు, తప్పు పునరావృతమైతే 50 లక్షల వరకు జరిమానా విధించవచ్చు.

జిల్లా కమిషన్ ఉత్తర్వుపై 45 రోజులలోగా రాష్ట్ర కమిషన్‌కు అప్పీలు చేసుకోవచ్చు. చెల్లింపుకు ఉత్తర్వు పొందిన పక్షం అందులో సగం జమచేసిన తరువాతే అప్పీలు స్వీకరించబడుతుంది. ఉత్తర్వును పాటించని వారికి 72వ సెక్షన్ కింద ఒక నెలకు తక్కువ కాకుండా మూడేళ్ళ వరకు జైలు, లేదా 25 వేల నుండి లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు.