జట్టు మీరు పట్టుకెళ్ళండి, పేరు మాత్రం మాది

ఆన్‌సైట్ వెళ్ళొచ్చిన ప్రతివాడికీ అనుభవమే ఇది. సెప్టెంబరు మొదలు జనవరి దాకా సోమవారం పొద్దున మీటింగులో మొదటి పది నిమిషాలు మనకి ఒక్క ముక్క అర్థం కాదు. కాలితో తన్నటం తక్కువ, చేత్తో పట్టుకుని పరిగెత్తటం ఎక్కువ అయినా దానికి ఫుట్‌బాల్ అనే పేరు పెట్టుకుని, ముందురోజు జరిగిన ఆట గురించి వాళ్ళు మాట్లాడుకుంటుంటే, అందరూ నవ్వినప్పుడు మనమూ ఓ నవ్వు నవ్వేసి ఊరుకుంటాం. రూల్సు నేర్చుకోవటం పెద్ద కష్టమేం కాదు, నాలుగు ఆదివారాలు చూస్తే వచ్చేస్తాయి. అంతుపట్టనిది ఆ అభిమానం. అందులోనూ ఏటా ఓడిపోయే జట్టు మీద అభిమానం.

అలాంటి అభిమానానికి క్లీవ్‌లాండ్ బ్రౌన్స్‌ని మించిన ఉదాహరణ నాకు కనపడలేదు. 1996లో ఆ ఊరి వాళ్ళు తమ జట్టుని ఎత్తుకుపోతున్న యజమానితో ఒక వింత బేరం చేసుకున్నారు. ఆ బేరం సంగతి చెప్దామనే ఇదంతా. కానీ ముందు కథ కొంచెం తెలియాలి.

బ్రౌన్స్ 1946లో పుట్టింది. మొదటి కోచ్ పాల్ బ్రౌన్ పేరే జట్టుకి పెట్టారు. అప్పట్లో ఎన్.ఎఫ్.ఎల్.కి పోటీగా ఇంకో లీగు ఉండేది. అది బతికిన నాలుగేళ్ళూ కప్పు వీళ్ళదే. 1950లో ఎన్.ఎఫ్.ఎల్.లో చేరారు, "చిన్న లీగు వాళ్ళు, ఇక్కడేం ఆడతారులే" అన్నవాళ్ళ నోళ్ళు మూయించి మొదటి ఏడాదే గెలిచారు. 1946 నుంచి 1955 దాకా పదేళ్ళూ ఫైనల్లో ఉన్నారు, ఏడుసార్లు గెలిచారు. ఇంకోటి కూడా చెప్పాలి. బేస్‌బాల్ మేజర్ లీగులోకి జాకీ రాబిన్సన్ అడుగు పెట్టింది 1947లో. దానికి ఏడాది ముందే పాల్ బ్రౌన్ ఇద్దరు నల్లజాతి ఆటగాళ్ళని, మారియన్ మోట్లీని, బిల్ విలిస్‌ని జట్టులోకి తీసుకున్నాడు.

1961లో న్యూయార్క్ నుంచి ఆర్ట్ మోడెల్ అనే అడ్వర్టయిజింగ్ ఆయన వచ్చి జట్టుని కొన్నాడు. వయసు 35. రెండేళ్ళు తిరక్కుండానే పాల్ బ్రౌన్‌ని ఇంటికి పంపించేశాడు. ఎవరి పేరు మీద జట్టు ఉందో ఆయన్నే! (ఆయనేమో తర్వాత అదే రాష్ట్రంలో సిన్సినాటి బెంగాల్స్ అని ఇంకో జట్టు పెట్టాడు. దీన్ని గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.) 1964లో జిమ్ బ్రౌన్ ఉన్న రోజుల్లో ఫైనల్లో బాల్టిమోర్ కోల్ట్స్‌ని 27-0తో చితక్కొట్టారు. బ్రౌన్స్ కప్పు గెలవటం అదే ఆఖరు. ఇప్పటిదాకా అంతే. ఒక్క సూపర్ బౌల్ కూడా ఆడలేదు.

ఈ మధ్యలో ఊరు కూడా చితికిపోయింది. 1950లో 9 లక్షలు దాటిన జనాభా 1990 నాటికి 5 లక్షలకి పడిపోయింది. ఉక్కు పని పోయింది. 1969లో నదిలో తెట్టు కట్టిన నూనెకి నిప్పంటుకుంటే దేశమంతా నవ్వింది. 1978లో బాంకుల అప్పు కట్టలేక నగరమే చేతులెత్తేసింది. అలాంటి ఊళ్ళో జనానికి మిగిలింది ఎరీ సరస్సు ఒడ్డున, 1931 నాటి పాత మునిసిపల్ స్టేడియం, అందులో ఏడాదికి ఎనిమిది ఆదివారాలు. అవును, ఎనిమిదే. క్రికెట్లాగా ఏడాది పొడుగునా ఆడే ఆట కాదిది. సొంత ఊళ్ళో ఆటలు అప్పట్లో సీజనుకి ఎనిమిది. అందుకే ఒక్కో ఆదివారం ఒక్కో పండగ. పొద్దున్నే పార్కింగులో పొయ్యిలు వెలిగించటం, మధ్యాహ్నం సరస్సు మీంచి కొట్టే చలిగాలిలో గొంతు పోయేలా అరవటం.

1980ల మధ్యలో ఇద్దరు బ్రౌన్స్ ఆటగాళ్ళు తమ డిఫెన్సు వాళ్ళని ఉత్సాహపరచటానికి కుక్కల్లా మొరగటం మొదలుపెట్టారు. స్టేడియం చివర చవక టిక్కెట్ల బెంచీల వాళ్ళు అది అందుకున్నారు. కుక్క ముసుగులు, బొమ్మ ఎముకలు, మైదానంలోకి విసరటానికి కుక్క బిస్కెట్లు... ఆ చోటుకి డాగ్ పౌండ్ అని పేరు పడింది. మన నేల టిక్కెట్టు బాచ్ అన్నమాట. 1989లో డెన్వర్‌తో ఆటలో వీళ్ళు విసిరేవాటి దెబ్బకి రిఫరీ ఆఖరి క్వార్టర్లో జట్ల వైపులు మార్చేశాడు. దాంతో గాలి బ్రౌన్స్‌కి అనుకూలంగా తిరిగింది. ఆఖరి సెకన్లో కొట్టిన కిక్కు అడ్డకర్రని ఆనీ ఆననట్టుగా దాటింది. 16-13తో గెలిచారు. ప్రేక్షకులు కుక్క బిస్కెట్లతో గెలిపించిన ఆట అది, నాకు తెలిసి అలాంటిది ఇంకోటి లేదు :)

కానీ పెద్ద ఆటల్లో మాత్రం అదే డెన్వర్ వీళ్ళ పాలిట శని. 1987 జనవరిలో సూపర్ బౌల్‌కి ముందు మెట్టు, సొంత స్టేడియం. ఏడు పాయింట్ల ఆధిక్యం, ఐదున్నర నిమిషాలు మిగిలున్నాయి, బంతి డెన్వర్ వాళ్ళ 2 గజాల గీత దగ్గర. జాన్ ఎల్వే అక్కణ్ణించి 98 గజాలు నడిపించి స్కోరు సమం చేశాడు, ఓవర్‌టైంలో ఓడించాడు. దాన్ని "ద డ్రైవ్" అంటారు. మరుసటి ఏడు మళ్ళీ అదే మెట్టు, మళ్ళీ డెన్వర్. ఈసారి వాళ్ళ ఊళ్ళో. 21-3తో వెనకబడ్డ జట్టుని ఎర్నెస్ట్ బైనర్ ఒంటిచేత్తో లాక్కొచ్చాడు. నిమిషం పైచిలుకు ఉండగా గీతకి రెండు మూడు గజాల దూరంలో బంతి అతని చేతిలోంచి జారింది. "ద ఫంబుల్". ఓటములకి ఇలా పేర్లు పెట్టి, తేదీలతో సహా పిల్లలకి నేర్పించే ఊరు ఇంకోటుందా అని నా అనుమానం.

ఇక 1995కి వద్దాం. ఆ స్టేడియంని నగరం దగ్గర లీజుకి తీసుకుని నడిపేది మోడెల్ కంపెనీయే. బేస్‌బాల్ జట్టు కూడా అందులోనే ఆడేది, బాక్సుల అద్దెలు ఆయనకే వచ్చేవి. 1994లో బేస్‌బాల్ వాళ్ళు కొత్త స్టేడియంకి వెళ్ళిపోయారు. ఆదాయానికి గండి పడింది. నగరం మరమ్మతులకి 17.5 కోట్ల డాలర్లు ఇస్తామంది. మందు మీద, సిగరెట్ల మీద పన్ను పొడిగించి ఆ డబ్బు తేవాలి, దానికి నవంబరు 7న ప్రజల ఓటు. మోడెల్ ఆగలేదు. అక్టోబరు 27నే బాల్టిమోర్ ఎయిర్‌పోర్టులో ఒక ప్రైవేటు విమానంలో కూర్చుని, ఆ ఊరికి మారిపోతానని సంతకం పెట్టేశాడు. నవంబరు 6న ప్రకటించాడు. మర్నాడు క్లీవ్‌లాండ్ జనం వెళ్ళి భారీ మెజారిటీతో ఆ పన్నుకి ఓటేశారు. తాళి తెంపి వెళ్ళిపోయినవాడికి మంగళహారతి పట్టినట్టు.

ఆ విమానం ఎవరిదో తెలుసా? మోడెల్ స్నేహితుడు ఆల్ లెర్నర్‌ది. 1998లో క్లీవ్‌లాండ్‌కి కొత్త జట్టు ఇస్తామని వేలం పెడితే 53 కోట్ల డాలర్లకి కొనుక్కున్నది కూడా ఆయనే! సినిమాలో ఇలా రాస్తే లాజిక్ లేదంటాం.

1995 డిసెంబరు 17న ఆ స్టేడియంలో ఆఖరి ఆట. ప్రత్యర్థి ఎవరనుకున్నారు, పాల్ బ్రౌన్ పెట్టిన సిన్సినాటి. స్పాన్సర్లు తప్పుకోవటంతో ప్రకటనల బోర్డుల మీద నల్లరంగు పూసేశారు. జనం రంపాలు తెచ్చుకుని బెంచీలు కోసి మైదానంలోకి విసిరారు. 26-10తో గెలిచారు. ఆట అయ్యాక బైనర్ (ఫంబుల్ చేసిన ఆ బైనరే, మధ్యలో వాషింగ్టన్ వెళ్ళి 1994లో తిరిగొచ్చాడు) డాగ్ పౌండ్ దగ్గరికి పరిగెత్తి వాళ్ళని కావలించుకున్నాడు. ఏడెనిమిదేళ్ళ క్రితం వాళ్ళ గుండె కోసిన మనిషి, ఆఖరికి వాళ్ళతో కలిసి ఏడ్చిన మనిషీ ఒక్కడే.

నగరం మాత్రం ఊరుకోలేదు. లీజు 1998 దాకా ఉంది కాబట్టి మేయర్ మైకేల్ వైట్ కోర్టుకెళ్ళాడు. అభిమానులు లీగు మీదకి ఫాక్సుల దండయాత్ర చేశారు. చివరికి 1996 ఫిబ్రవరిలో రాజీ కుదిరింది. ఆటగాళ్ళు, సిబ్బంది, కాంట్రాక్టులు బాల్టిమోర్ వెళ్ళిపోవచ్చు. కానీ బ్రౌన్స్ అనే పేరు, రంగులు, 1946 నుంచి ఉన్న రికార్డులు, కప్పులు అన్నీ క్లీవ్‌లాండ్‌లోనే ఉంటాయి. 1999 నాటికి ఆ పేరుతో ఆడటానికి లీగు ఒక జట్టుని ఇవ్వాలి. మనవాళ్ళకి తేలిగ్గా అర్థమయ్యేలా చెప్పాలంటే, కోడు, డెవలపర్లు కొత్త కంపెనీకి, రిపాజిటరీ పేరూ మొత్తం కమిట్ హిస్టరీ పాత కంపెనీకి. అక్కడికి వెళ్ళినవాళ్ళు వెర్షన్ 1.0 నుంచి మొదలుపెట్టుకోవాలి. కాగితం మీద బాల్టిమోర్ రావెన్స్ 1996లో పుట్టిన కొత్త జట్టు, ఒక్క ఆటగాడు మారకపోయినా సరే.

తరలింపు మీద యజమానుల ఓటింగులో వద్దన్నవాళ్ళు ఇద్దరే. ఒకరు బఫలో. రెండోవారు పిట్స్‌బర్గ్, అంటే క్లీవ్‌లాండ్ వాళ్ళు పుట్టినప్పట్నించీ తిట్టుకునే ఆగర్భ శత్రువులు. శత్రువు లేకపోతే మనకి మాత్రం ఆదివారం ఏముంటుంది అనుకున్నారేమో!

బాల్టిమోర్ వాళ్ళని విలన్లు అనుకోకండి. వాళ్ళ కథ ఇంకా ఘోరం. 1984 మార్చిలో ఒక రాత్రి వాళ్ళ కోల్ట్స్ జట్టు సామానంతా లారీలకెక్కించుకుని, తెల్లారేసరికి ఇండియానాపోలిస్ వెళ్ళిపోయింది. పేరుతో సహా. బాల్టిమోర్‌లో దేవుడిలా కొలిచిన జానీ యునైటస్ రికార్డులన్నీ తను ఎన్నడూ ఆడని ఊరి ఖాతాలోకి పోయాయి. ఆయన చనిపోయేదాకా ఆ కొత్త కోల్ట్స్‌తో సంబంధం ఒప్పుకోలేదు. జట్టు పోయినా జట్టు బాండ్‌మేళం మాత్రం విడిపోకుండా, జట్టే లేని ఊళ్ళో పన్నెండేళ్ళు వాయిస్తూ తిరిగింది. క్లీవ్‌లాండ్ వాళ్ళు పేరు కోసం పట్టుబట్టారంటే ఇదంతా కళ్ళెదురుగా ఉంది కాబట్టే.

మన దగ్గరకొస్తే, డెక్కన్ చార్జర్స్ 2009లో ఐపీఎల్ గెలిచింది, గుర్తుందా? 2012లో ఆ జట్టుని రద్దు చేశారు, సన్‌రైజర్స్ వచ్చింది. 2016లో సన్‌రైజర్స్ గెలిస్తే అది "వాళ్ళ మొదటి కప్పు". మరి 2009 కప్పు ఎవరిది? అదే ఊరు, అదే ఉప్పల్ స్టేడియం, చాలావరకు అదే జనం. ఆ కప్పు మాదని కోర్టుకెళ్ళిన అభిమాని ఒక్కడు లేడు. నాలుగైదేళ్ళ జట్టుకి అంత వేళ్ళు దిగవు, నిజమే. అయినా ఓ దిక్కులేని కప్పు అలా రికార్డు పుస్తకంలో మిగిలిపోయింది.

క్లీవ్‌లాండ్ బేరానికి ఖరీదు ఎంత పడిందో చూడండి. రావెన్స్ ఐదేళ్ళకే, 2001 జనవరిలో సూపర్ బౌల్ గెలిచింది. మోడెల్ కప్పెత్తుకున్నాడు. ఆ జట్టుని ఎంచి కూర్చినవాడు ఓజీ న్యూసమ్, ఒకప్పటి బ్రౌన్స్ హీరో. తరలింపప్పుడు మోడెల్ తీసేసిన కోచ్ బిల్ బెలిచిక్ తర్వాత న్యూ ఇంగ్లండ్‌లో ఆరు సూపర్ బౌల్స్ గెలిచాడు. కొత్త బ్రౌన్స్ 1999లో మొదటి ఆటే పిట్స్‌బర్గ్ చేతిలో 43-0తో ఓడింది. అక్కణ్ణించి క్వార్టర్‌బాక్‌లు నలభై మందికి పైగా మారారు. 2016లో 16 ఆటల్లో ఒకటి గెలిచారు. 2017లో అదీ లేదు, 0-16. 2018 జనవరిలో ఎముకలు కొరికే చలిలో వేలమంది స్టేడియం చుట్టూ సున్నా ఆకారంలో ఊరేగింపు తీశారు, "పర్ఫెక్ట్ సీజన్" అని. ఆ పేరు మీద ఫుడ్ బాంకుకి విరాళాలు కూడా పోగుచేశారు. మనవాళ్ళయితే దిష్టిబొమ్మలు తగలబెట్టేవాళ్ళు.

"ఎందుకొచ్చిన బేరం, జట్టుని పోనిచ్చి పాత జ్ఞాపకాలు ఉంచుకున్నారు" అనేవాళ్ళున్నారు. నేను ఒప్పుకోను. జట్టులో ఉన్న ఆటగాళ్ళు నాలుగేళ్ళకి ఎలాగూ మారిపోతారు, కోచ్‌లు మారతారు, యజమాని కూడా మారతాడు. మారనిది ఆ బెంచీ మీద తండ్రి పక్కన కూర్చున్న కొడుకు మాత్రమే. ఆ రాజీలో వాళ్ళు అడిగింది గెలుపుల్నే కాదు, ద డ్రైవ్‌ని, ద ఫంబుల్‌ని కూడా. అవి బాల్టిమోర్‌కి పోతే వీళ్ళు ఇన్నాళ్ళు పడ్డ బాధకి లెక్క ఎవరు చెప్పాలి? 2021 జనవరిలో, 26 ఏళ్ళ తర్వాత మొదటిసారి బ్రౌన్స్ ప్లేఆఫ్ ఆట గెలిచింది. పిట్స్‌బర్గ్ మీద, పిట్స్‌బర్గ్‌లో, 48-37. కోచ్ కోవిడ్ వచ్చి ఇంట్లో టీవీ ముందు ఉన్నాడు. "26 ఏళ్ళు" అన్న ఆ లెక్క రావాలంటే 1995 జనవరి నాటి గెలుపు కూడా తమదే అయ్యుండాలి కదా. అదీ ఆ కాగితం విలువ.

మోడెల్‌ని ఊరు క్షమించలేదు. 2012లో ఆయన పోయినప్పుడు క్లీవ్‌లాండ్ స్టేడియంలో మౌనం పాటించవద్దని కుటుంబమే కోరింది, ఏం జరుగుతుందో వాళ్ళకి తెలుసు. పాత స్టేడియం శిథిలాలు ఎరీ సరస్సులో చేపల కోసం దిబ్బలుగా వేశారు.

1996లోనే ఒహాయో రాష్ట్రం ఒక చట్టం చేసింది. ప్రజల డబ్బు తిన్న జట్టు ఊరు వదలాలంటే ముందు ఆరు నెలల నోటీసివ్వాలి, స్థానికులకి కొనుక్కునే అవకాశం ఇవ్వాలి. జనం దాన్ని మోడెల్ చట్టం అనే పిలుస్తారు. 2024లో ఇప్పటి యజమానులు సరస్సు ఒడ్డు వదిలి, ఎయిర్‌పోర్టు పక్కన బ్రూక్ పార్క్ అనే శివారులో కప్పున్న స్టేడియం కడతామన్నారు. నగరం ఆ చట్టం పట్టుకునే కోర్టుకెళ్ళింది. 2025లో రాష్ట్రం ఆ చట్టాన్నే మార్చి, రాష్ట్రం దాటితేనే వర్తిస్తుందని రాసి, పైగా స్టేడియంకి 60 కోట్ల డాలర్లు కేటాయించింది. అదే ఏడాది అక్టోబరులో నగరం 10 కోట్ల డాలర్లకి రాజీపడింది. పేరు, రంగులు, రికార్డులు ఈసారి ఎవరూ అడగలేదు. అభిమానులు మాత్రం రెండుగా చీలి కొట్టుకుంటున్నారు, డిసెంబరులో కప్పు కింద వెచ్చగా కూర్చుని చూసేది బ్రౌన్స్ ఆటేనా అని.