భాజనీయతా సూత్రాలు: చరిత్ర

ఒక పూర్ణాంకం మరో పూర్ణాంకాన్ని శేషం లేకుండా భాగిస్తుందో లేదో, భాగహారం చేయకుండానే తేల్చే పద్ధతులను భాజనీయతా సూత్రాలు అంటారు. పిల్లలు వీటిని 6వ తరగతిలో కారణాంకాలు, గుణిజాలు, ప్రధాన సంఖ్యలతో పాటు నేర్చుకుంటారు. చివరి అంకె 2, 5, 10ల సంగతి చెబుతుంది. చివరి రెండంకెలు 4 సంగతి, మూడంకెలు 8 సంగతి చెబుతాయి. 3కీ 9కీ అంకెల మొత్తం చూడాలి. 11కి బేసి స్థానాల్లోని అంకెల మొత్తానికీ సరి స్థానాల్లోని మొత్తానికీ తేడా 0 గాని 11 గుణిజం గాని కావాలి. 7 దగ్గరికి వచ్చేసరికి భాగించి చూసుకోవడమే మేలంటారు. ఈ సూత్రాల చరిత్రలో అన్నిటికన్నా ఆసక్తికరమైనది ఆ 7 కథే.

సూత్రాలన్నిటికీ మూలం ఒక్కటే: స్థాన విలువ. పది చింతపిక్కల్లోంచి తొమ్మిది తీస్తే ఒకటి మిగులుతుంది. నూటిలోంచి తొంభై తొమ్మిది తీసినా ఒకటే మిగులుతుంది. అందుకే 4572ని తొమ్మిదేసి చొప్పున పంచితే వేలలోంచి 4, వందల్లోంచి 5, పదుల్లోంచి 7, ఒకట్లలో 2 మిగులుతాయి. ఆ మొత్తం 18 కనుక 9కి లొంగుతుంది. 2, 5 పదికి కారణాంకాలు. 9 పదికి ఒకటి తక్కువ, 11 ఒకటి ఎక్కువ. ఇలాంటి దగ్గరి చుట్టరికం 7కి లేదు.

వీటిలో ఎక్కువ కాలం నిత్యవ్యవహారంలో నలిగింది 9 సూత్రం. దాని పని భాజనీయత తేల్చడం కాదు, లెక్క సరిచూడడం. అక్షరాలనే అంకెలుగా వాడిన గ్రీకు లోకంలో, పేర్లలోని అక్షరాల విలువలు కూడి 9తో భాగించి శేషం చూసే ఆచారాన్ని 3వ శతాబ్దిలో హిప్పోలిటస్ వర్ణించాడు. అంకగణితానికి తనిఖీగా ఇది భారతదేశంలో 10వ శతాబ్ది ప్రాంతపు రెండవ ఆర్యభటుని ‘మహాసిద్ధాంతం’లో కనిపిస్తుంది. అంతకుముందే, 9వ శతాబ్దిలో, అల్ ఖ్వారిజ్మీ భారతీయ అంకెల గణితాన్ని వివరిస్తూ 9తో సరిచూడడం చెప్పాడు. ఇబ్న్ సీనా దీన్ని హిందువుల పద్ధతిగా పేర్కొన్నాడు. 1202లో ఫిబొనాచీ రాసిన ‘లిబెర్ అబాచీ’ ద్వారా, తర్వాత 1478లో ఇటలీలోని ట్రెవీజోలో అచ్చయిన వర్తక గణితం ద్వారా ఇది ఐరోపా దుకాణాల్లోకి చేరింది.

తనిఖీ ఎలా సాగుతుందో చూడండి. 347 × 28 = 9716. అంకెలు కూడుతూ పోతే 347కి 5, 28కి 1 మిగులుతాయి. ఆ రెండిటి లబ్ధం 5. 9716కీ 5 వస్తుంది, లెక్క కుదిరింది. అయితే గుమాస్తా తొందరలో 9761 అని రాసినా మొత్తం మారదు, తప్పు దొరకదు. అంకెలు తారుమారైతే వచ్చే తేడా ఎప్పుడూ 9 గుణిజమే. పద్దులు సరిపోనప్పుడు తేడా 9తో పోతుందేమో చూసి, పోతే తారుమారైన అంకెల కోసం వెతకడం లెక్కలు రాసేవారి అలవాటు. 9 పట్టుకోలేని ఈ తప్పును 11 పట్టుకుంటుంది: 11తో భాగిస్తే 9716కి 3, 9761కి 4 మిగులుతాయి.

7 విషయంలో పాత ఆనవాలు యూదుల ధర్మగ్రంథమైన బాబిలోనియా తాల్ముద్‌లో ఉంది. ప్రతి ఏడో ఏడాదీ పొలాలను బీడు పెట్టాలన్నది వారి ధర్మం. నడుస్తున్న ఏడాది ఆ వరుసలో ఎన్నోదో తెలుసుకోవడానికి, గడిచిన ఒక్కో నూటికీ 2 చొప్పున కలుపుకోమని అందులో ఉంది. 98 ఏడుకి గుణిజం కాబట్టి వందలో మిగిలేది 2. ఆ లెక్కన 2023లోని 20 వందలకు 40, దానికి 23 కలిపితే 63. కనుక 2023 ఏడుతో పోతుంది. 

మన దేశంలో 9వ శతాబ్దిలో మహావీరాచార్యుడు ‘గణితసారసంగ్రహం’లో 12345679 × 9 = 111111111, 142857143 × 7 = 1000000001 వంటి, ఎటునుంచి చదివినా ఒకేలా ఉండే పూలదండల్లాంటి లబ్ధాలు ఇచ్చాడు. ఇవి సూత్రాలు కావు. అయినా ఏ గుణిజాలు పది ఘాతాలకు పక్కనే ఉంటాయో గమనించిన చూపు వీటిలో ఉంది. ఆ గ్రంథాన్ని 11వ శతాబ్దిలో పావులూరి మల్లన తెలుగు చేశాడు. తెలుగు సాహిత్యం మొదలైన రోజుల్లోనే గణితానికి పద్యరూపం దక్కడం చిన్న విషయం కాదు.

విడివిడి సూత్రాల వెనక ఉన్న ఒక్క సత్యాన్ని బయటపెట్టినవాడు ఫ్రాన్స్‌కు చెందిన బ్లేజ్ పాస్కల్. ఆయన మరణానంతరం 1665లో అచ్చయిన వ్యాసంలో, ఏ సంఖ్యకైనా సూత్రం తయారుచేసే దారి చూపాడు. 1, 10, 100 వరుసను 7తో భాగిస్తే 1, 3, 2, 6, 4, 5 మిగులుతాయి, తర్వాత అవే తిరిగి వస్తాయి. ఒకట్ల స్థానం నుంచి అంకెలను వీటితో గుణించి కూడితే చాలు. పదితో లెక్కించడం మనుషుల ఏర్పాటే తప్ప ప్రకృతి నియమం కాదని గుర్తుచేసి, పన్నెండు ఆధారంగా రాసినా ఇదే దారి పనిచేస్తుందన్నాడు. 1801లో గౌస్ ‘డిస్క్విజిషనెస్ అరిత్మెటికే’లో శేష సమానతకు గుర్తును ప్రవేశపెట్టాక 9, 11 సూత్రాల నిరూపణ రెండు మూడు వాక్యాల్లోకి ఇమిడింది. 1919 నాటికి పోగైన సూత్రాల కోసం లెనార్డ్ డిక్సన్ తన సంఖ్యా సిద్ధాంత చరిత్రలో ఒక అధ్యాయమే కేటాయించాల్సి వచ్చింది.

బడిలో 7కి ఎక్కువగా వినిపించే సూత్రం: చివరి అంకెను తీసేసి, దాని రెట్టింపును మిగతా సంఖ్యలోంచి తీసివేయాలి. 2023కి 202 − 6 = 196, 19 − 12 = 7. ఇది 21 మీద నిలిచిన సూత్రం. తీసివేతకు బదులు చివరి అంకెను 5తో గుణించి కలిపినా ఫలితం తేలుతుంది: 202 + 15 = 217, 21 + 35 = 56. దీనికి ఆధారం 49. ఒకప్పుడు రాజమండ్రిలో కళాశాల ప్రిన్సిపాల్‌గా పనిచేసిన భారతీకృష్ణ తీర్థుల ‘వేదిక్ మ్యాథమెటిక్స్’ (1965)లో ఈ పద్ధతి వేష్టనం పేరుతో ఉంది. 2019లో లండన్‌లో చదువుతున్న 12 ఏళ్ల నైజీరియా బాలుడు దీన్నే సొంతంగా కనిపెట్టి మెప్పు పొందాడు. ముందే తెలిసిన సూత్రం కదా అని కొందరు తీసిపారేశారు. అది సరికాదు. పుస్తకం చూడకుండా దీన్ని చేరుకున్న పిల్లవాడు నిజంగా గణితం చేసినట్టే.

మన బడుల్లో సూత్రాలు 6వ తరగతిలో వస్తాయి. వాటి కారణాలు బీజగణితం సాయంతో 8వ తరగతిలో వస్తాయి. ఈ రెండేళ్ల ఎడంలో సూత్రం పిల్లలకు మంత్రంలా మిగిలిపోతుంది. చింతపిక్కల కుప్పలతో 9కి కారణం చెప్పడానికి బీజగణితం అక్కర్లేదు, ఆరో తరగతిలోనే చెప్పవచ్చు.

శేషంతో తప్పు పట్టే పాత ఆలోచన ఇప్పటికీ పుస్తకాల అట్టల మీద ఉంది. పుస్తకాలను గుర్తించడానికి 2006 వరకు నడిచిన 10 అంకెల ఐఎస్‌బీఎన్‌లో అంకెలను 10, 9, 8 ... 1తో వరుసగా గుణించి కూడితే 11 గుణిజం రావాలి. చివరి అంకె 10 కావలసి వస్తే రోమన్ పది గుర్తు వేసేవారు. 2007 నుంచి వచ్చిన 13 అంకెల సంఖ్యలో అంకెలను 1, 3లతో మార్చి మార్చి గుణించి 10తో సరిచూస్తారు. పక్కపక్క అంకెల తేడా 5 అయితే ఈ కొత్త పద్ధతికి తారుమారు దొరకదు. పైన 9716ను 9761 చేసిన 1, 6 అలాంటి జంటే.