చేపు చెప్పేదీ, చెప్పనిదీ: బర్రె ఉద్వేగాలు, పాడి సంక్షేమం – ఒక పరిశీలన

కామారెడ్డి జిల్లా నస్రుల్లాబాద్ మండలం నిజాంసాగర్ ఆయకట్టు నేల. మంజీర మీద 1923లో మొదలై 1931లో పూర్తయిన ఆ ప్రాజెక్టు ఈ ప్రాంతాన్ని వరికి అలవాటు చేసింది. వరి వెంట గడ్డి, గడ్డి వెంట బర్రె వచ్చాయి. 2019 పశుగణన లెక్కలో తెలంగాణ బర్రెలు సుమారు 42 లక్షలు. జంతువుల ప్రవర్తన, ఉద్వేగాల మీద సాగుతున్న శాస్త్ర పరిశోధనను ఈ నేల మీద నిలబడి చూడదలచుకుంటే ప్రయోగశాల ఎలుక దగ్గర కాక, కొట్టంలో గుంజకు కట్టేసిన బర్రె దగ్గర మొదలుపెట్టడం సబబు. దాని బెదురు, అలవాటు, అయిష్టం పాడి చేసేవాళ్లకు బాగా తెలుసు. పాలు చేపే ఘడియలో రెండు పూటలా వాళ్లు వాటిని గమనిస్తూనే ఉంటారు. ఆ తెలివిడి ఊహ కాదనీ, దేహధర్మ శాస్త్రం దాన్ని చాలావరకు నిజమని తేల్చిందనీ ఈ వ్యాసం మొదట చూపుతుంది. అయితే ఆ తెలివిడి చెంబులో పాలుగా లెక్కకొచ్చే భావాల దగ్గరే ఆగిపోతుంది. పాలకు అడ్డురాని బాధ దానికి కనబడదు. జంతు సంక్షేమ శాస్త్రం మనకు అవసరపడేది ఆ కనబడని బాధ విషయంలోనే అన్నది ఇక్కడి వాదన.

పాలు పిండే పద్ధతిని దగ్గరగా చూస్తే సంగతి తేటపడుతుంది. దూడను తలుగు విప్పి వదులుతారు. అది పొదుగును మూతితో కుమ్ముతూ నాలుగు చన్నులూ మార్చి మార్చి చీకుతుంది. నిమిషమో రెండు నిమిషాలో గడిచేసరికి ముడతలు పడి ఉన్న చన్నులు నిండి బిగుస్తాయి. అప్పుడు దూడను లాగి తల్లి ముందు కట్టేస్తారు. తల్లి దాని వీపు నాకుతుంటే కింద పాలు పిండుతారు. ఈ వరుసలో ఎక్కడ తేడా వచ్చినా, అంటే కొత్త మనిషి వచ్చి నిలబడినా, కుక్క దూసుకొచ్చినా, రోజూ పిండే ఆమె ఊళ్లో లేకపోయినా, బర్రె ఎగచేపుతుంది. పొదుగు నిండుగానే ఉంటుంది, చుక్క మాత్రం దిగదు. ఇంటావిడ లేని పూట ఆమె చీర కప్పుకొని మగవాళ్లు పాలకు కూర్చోవడం పల్లెల్లో ఎవరికీ వింత కాదు. నవ్వు తెప్పించే ఈ ఉపాయంలో ఒక పరికల్పన దాగి ఉంది. బర్రె మనుషులను విడివిడిగా గుర్తుపడుతుందనీ, ఆ గుర్తింపును బట్టే దాని ఒళ్లు పనిచేస్తుందనీ ఆ చీర కప్పుకున్న మనిషి నమ్ముతున్నాడు.

శాస్త్రం ఈ దారిలోకి 1941లో వచ్చింది. అమెరికాలో ఈలీ, పీటర్సన్ అనే ఇద్దరు పరిశోధకులు పాలు పిండబోయే ఆవుల వీపు మీద పిల్లిని కూర్చోబెట్టారు, పక్కన కాగితపు సంచులు పేల్చారు. బెదిరిన ఆవులు సరిగా చేపలేదు. పొదుగులో ఒక పక్కకు వెళ్లే నరాలు కోసేసినా రెండు పక్కలా చేపు సమంగానే రావడం వాళ్లు గమనించారు. అంటే సంకేతం నరం గుండా నేరుగా పొదుగుకు కాక రక్తం గుండా అందుతోందన్నమాట. ఆ సంకేతమే ఆక్సిటోసిన్. దూడ నోటి స్పర్శ మెదడుకు చేరితే అక్కడి పీయూష గ్రంథి దాన్ని విడుదల చేస్తుంది, అది పాల కోశాల చుట్టూ ఉన్న కండరకణాలను బిగిస్తుంది. బెదరగానే అడ్రినలిన్ పొదుగులో అడ్డుపడుతుందని మొదట్లో అనుకున్నారు. పాల చేపు మీద పనిచేసిన బ్రూక్‌మేయర్ బృందం తర్వాత జరిపిన పరిశోధనల్లో, అలవాటు లేని చోట పిండిన ఆవుల రక్తంలో ఆక్సిటోసిన్ పెరుగుదలే ఆగిపోయినట్టు, బయటి నుంచి ఆక్సిటోసిన్ ఇస్తే పాలు దిగినట్టు తేలింది. పొదుగులో లోపం లేదు, అడ్డు మెదడులో ఉంది. బర్రెలో ఇది మరీ ముఖ్యం. ఆవు పాలల్లో దాదాపు ఐదో వంతు చేపుతో పనిలేకుండా పాల తిత్తిలోనే సిద్ధంగా ఉంటుంది. ముర్రా బర్రెల్లో ఆ వంతు 5 శాతం దాకానే ఉన్నట్టు 2004లో కొలిచారు. మిగిలినదంతా బర్రె మనసు కుదిరితేనే దిగాలి. ఇక మనుషులను గుర్తుపట్టే విషయానికి వస్తే, రషెన్, ఆయన సహచరులు 1999లో ప్రచురించిన ప్రయోగంలో ఒకే ఆవులను ఒకరు మెత్తగా, మరొకరు మొరటుగా చూసుకున్నారు. పాలు పిండేటప్పుడు ఆ మొరటు మనిషి ఊరికే దగ్గర నిలబడితే చాలు, పొదుగులో మిగిలిపోయిన పాలు 70 శాతం పెరిగాయి. చీర ఉపాయం వెనకున్న ఊహకు ఇంతకన్నా దగ్గరి ప్రయోగం దొరకదు.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం ఉంది. ఇదంతా ప్రతిచర్య మాత్రమేననీ, భయం అనే మాటను మనమే బర్రె మీద రుద్దుతున్నామనీ అనవచ్చు. కింది స్థాయి మానసిక ప్రక్రియతో వివరించగల ప్రవర్తనకు పై స్థాయి ప్రక్రియను అంటగట్టకూడదని మనస్తత్వ శాస్త్రవేత్త లాయిడ్ మోర్గన్ 1894లో పెట్టిన నియమం ఈ అభ్యంతరానికి మూలం. దాన్ని తేలిగ్గా తోసేయకూడదు. అయితే మోకాలి మీద తడితే కాలు ఎగరడానికి, దూడ చీకితే చేపు రావడానికి ఒక తేడా ఉంది. తట్టింది ఎవరని మోకాలు అడగదు. బర్రె విషయంలో అదే చెయ్యి, అదే చన్ను, అదే ఒత్తిడి ఉన్నా చోటు మారితే ఫలితం మారుతోంది. స్పర్శకూ హార్మోనుకూ నడుమ మెదడు పరిస్థితిని తూకం వేసి, ఇది క్షేమమా కాదా అని ఎంచుతోంది. ఉద్వేగం మీద పనిచేసే శాస్త్రజ్ఞులు అధ్యయనం చేసేది ప్రధానంగా ఈ ఎంపికనే. మోర్గన్ నియమం అక్కరలేని మెట్లు ఎక్కవద్దంది, ఉన్న మెట్టును లేదనమనలేదు.

చేపు నుంచి ఇంకాస్త ముందుకు పోవాలంటే దూడల మీద జరిగిన ప్రయోగాలు చూడాలి. కెనడాలో వియరీ, వాన్ కైసర్లింక్ బృందం పాడి దూడలకు తెరల రంగు చూసి నిర్ణయించుకోవడం నేర్పింది. ఒక రంగు కనబడితే దగ్గరికి వెళ్లాలి, పాలు దొరుకుతాయి. రెండో రంగుకు వెళ్తే పాలు ఉండవు, పైగా కాసేపు ఆగిపోవాలి. నేర్చుకున్నాక ఆ రెండు రంగుల నడిమి ఛాయలు చూపించారు. మామూలప్పుడు దూడలు ఆశపడి నడిమి ఛాయల దగ్గరికీ వెళ్లేవి. కొమ్ము మొలకలను కాల్చిన మర్నాడు అవే దూడలు వెళ్లడం తగ్గించాయి. 2013లో వచ్చిన ఆ ఫలితానికి కొనసాగింపుగా 2014లో తల్లి నుంచి వేరుచేసిన దూడలను పరీక్షిస్తే, వాటిలోనూ అదే నిరాశ కనబడింది. రెండర్థాలకు తావున్న సంకేతాన్ని చెడుగా తీసుకోవడం మనుషుల్లో కుంగుబాటుకు ఒక గుర్తు. దూడకు లోపల ఎలా ఉందన్నది ఈ పద్ధతీ చెప్పదు, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ గాయం కొమ్ము దగ్గర ఉండగా, మార్పు పాల మీది ఆశలో వచ్చింది. ఒక చోటి నొప్పి మొత్తం అంచనాను మార్చేసిందంటే దాన్ని కేవలం ప్రతిచర్య అనడం కష్టం. జంతు చైతన్యం మీద 2012లో కేంబ్రిడ్జిలో శాస్త్రజ్ఞులు చేసిన ప్రకటనను తరచూ ఉదహరిస్తుంటారు. నా దృష్టిలో ఈ దూడల తెరలే దానికన్నా బరువైన సాక్ష్యం. ప్రకటన అభిప్రాయం చెబుతుంది, ప్రయోగం తప్పని తేలే అవకాశానికి సిద్ధపడుతుంది.

సరే, బర్రె మనసు పాలల్లో తెలుస్తుందని ఒప్పుకుందాం. అయితే పాలు బాగా దిగితే బర్రె బాగున్నట్టేనా? ఈ లెక్క తప్పని మన చట్టమే 1960లో గుర్తించింది. జంతువుల పట్ల క్రూరత్వ నివారణ చట్టం 12వ సెక్షన్ ఫూకా, డూమ్ దేవ్ అనే పద్ధతులను నేరాలుగా పేర్కొంది. చట్టం ప్రకారం ఈ రెండు పేర్లకూ అర్థం పశువు యోనిలోకి గాలి గానీ మరో పదార్థం గానీ పంపి చేపించడం. మెదడు వద్దన్నదాన్ని ఒంటి చేత బలవంతంగా చేయించడమే అది. గాంధీ పాలు మానడానికి తన ఆత్మకథలో చెప్పుకున్న కారణాల్లో ఈ పద్ధతి మీది ఏవగింపు ఒకటి. పాడి పెంచడానికి ఆరోగ్యానికి హాని చేసే ఏ ఇంజెక్షనైనా అదే సెక్షన్ కిందికి వస్తుంది. శిక్ష వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండేళ్ల వరకు జైలు, లేదా రెండూ. ఫూకా స్థానంలోకి ఆక్సిటోసిన్ సూది వచ్చింది. దాన్ని అరికట్టాలని కేంద్రం 2018లో ఈ మందు ప్రైవేటు తయారీని నిషేధించింది. కాన్పు తర్వాత రక్తస్రావం ఆపడానికి తల్లులకు తప్పనిసరైన మందు అది కావడంతో ఢిల్లీ హైకోర్టు అదే ఏడాది డిసెంబరులో ఆ నిషేధాన్ని కొట్టేసింది. సూది అలవాటైన పశువు సూది లేనిదే సరిగా చేపలేదని కూడా ప్రయోగాలు చూపాయి. సూది వేసిన బర్రె పాలు పాలకేంద్రం దగ్గర ఎంత పోసినా, ఆ లీటర్లు దాని మనఃస్థితిని చెప్పవు. చేపు రాకపోతే ఏదో ఇబ్బంది ఉందని నమ్మవచ్చు గానీ, వచ్చినంత మాత్రాన ఇబ్బంది లేదనుకోలేం.

దూడ విషయంలో ఈ తేడా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. దూడ చనిపోతే దాని తోలులో గడ్డి కూరి తల్లి ముందు నిలబెట్టి పాలు తీయడం పాత ఉపాయం. తల్లి వాసన చూస్తుంది, నాకుతుంది, చేపుతుంది. గడ్డి బొమ్మకు మోసపోయిన పశువుకు మనసేమిటని కొందరంటారు. ఈ వాదన తలకిందులుగా ఉంది. ఈనిన కొద్ది గంటల్లో తల్లి తన దూడ వాసనను పోల్చుకోవడం నేర్చుకుంటుంది, పరాయి దూడను చాలావరకు తన్ని తరిమేస్తుంది. ఫలానా వాసన కోసం ఎదురుచూసే పశువునే ఆ వాసనతో మోసగించగలం. ఈ సంగతి మన రైతుకు ఎంత బాగా తెలుసో ఆ తోలుబొమ్మే చెబుతుంది. అదే రైతు కొట్టంలో బతికున్న దున్నదూడ ఎలా ఉందో చూడండి. చేపు కోసం దాన్ని నాలుగు గుక్కలు తాగనిస్తారు, తర్వాత పొదుగులో ఏం మిగిలితే అది. పెయ్యదూడ రేపటి పాడి కాబట్టి దానికి మరో రెండు గుక్కలు. దున్నదూడకు ట్రాక్టరు వచ్చాక పని పోయింది. 2019 లెక్కల్లో దేశంలోని 10.98 కోట్ల బర్రెజాతి పశువుల్లో పది కోట్లకు పైగా ఆడవే. ఈ వ్యత్యాసంలో కబేళా వాటా ఎంతో, ఆకలి వాటా ఎంతో పశుగణన విడదీసి చెప్పదు. తల్లి ప్రేమను అంత సూక్ష్మంగా పట్టుకున్న తెలివిడి దూడ ఆకలిని పట్టించుకోకపోవడానికి కారణం గుండె లేకపోవడం కాదు. ఆ ఆకలి చెంబులో కనబడదు, అంతే.

వేసవి తాపం సంగతీ అంతే. బర్రె చర్మం నలుపు, చెమట గ్రంథులు ఆవు కన్నా చాలా తక్కువ. నీళ్లలో పడుకోవడం దానికి విలాసం కాదు, ఒళ్లు చల్లబరచుకునే ప్రధాన మార్గం. రెండు పంటల వరి వచ్చాక బీళ్లు తగ్గాయి, బర్రెలు కొట్టాలకు కట్టుబడ్డాయి, చెరువుకు తోలుకుపోయే మనిషి దొరకడం లేదు. తాపం తీవ్రమైతే పాలు తగ్గుతాయి, అప్పుడు రైతు గమనిస్తాడు. కానీ పాలు తగ్గే హద్దుకు ముందే చాలాసేపు పశువు రొప్పుతూ నిలబడి ఉంటుంది. ఆ మధ్యకాలాన్ని కొలవడానికి ఆక్స్‌ఫర్డ్ శాస్త్రవేత్త మారియన్ డాకిన్స్ చూపిన దారి సూటిగా ఉంటుంది. పశువు ఆరోగ్యంగా ఉందా, తనకు కావలసింది దానికి దొరుకుతోందా అన్న రెండు ప్రశ్నలే ఆమెవి. రెండో ప్రశ్నకు జవాబు పశువునే అడగాలంటారామె. నీడ, నీళ్ల మడుగు, దాణా తొట్టి అందుబాటులో పెట్టి అది ఏ వేళ ఎటు నడుస్తుందో, ఎంత ఆకలిని ఓర్చుకుని నీళ్లలో ఉంటుందో లెక్కపెట్టాలి.

బతకలేక సతమతమవుతున్న రైతుకు ఈ బరువు కూడానా అన్నది చివరి అభ్యంతరం, అన్నింటిలో న్యాయమైనది. దున్నదూడకు తాగించే ప్రతి లీటరూ అమ్ముకోని లీటరే. దీనికి సంక్షేమ శాస్త్రం తియ్యని మాటలతో జవాబివ్వకూడదు. అన్ని సంక్షేమ చర్యలూ లాభం తెస్తాయన్న ప్రచారం నిజం కాదు. మెత్తగా చూసుకోవడం లాభసాటి, నీడా నీళ్లూ చాలావరకు లాభసాటి, దున్నదూడకు పాలు మాత్రం నష్టం. ఆ నష్టాన్ని ఎవరు భరించాలన్నది శాస్త్రం తేల్చే ప్రశ్న కాదు. 2014లో జల్లికట్టు మీది నాగరాజ కేసులో సుప్రీంకోర్టు ఆకలిదప్పుల నుంచి, భయం నుంచి, నొప్పి నుంచి విముక్తి వంటి ఐదు స్వేచ్ఛలను 1960 చట్టంలోని 3, 11 సెక్షన్లలో భాగంగా చదివింది. బాధ్యతను రైతు నెత్తిన పెట్టి ఊరుకుంటే ఆ తీర్పు కాగితం మీదే ఉంటుంది. పాలధరలోనో, పశుపంపిణీ పథకాల నిబంధనల్లోనో దూడకూ లెక్క కట్టాలి. లెక్క కట్టాలంటే ముందు కొలత ఉండాలి. కామారెడ్డిలో పాల సాంకేతిక కళాశాల ఉంది, దాని వెనక పి.వి. నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయం ఉంది. నస్రుల్లాబాద్, బీర్కూర్, బాన్సువాడ ఊళ్లలో ఒకే కాలంలో పుట్టిన దున్నదూడలను, పెయ్యదూడలను జతలుగా తీసుకుని వారానికోసారి టేపుతో ఛాతీ చుట్టుకొలత రాసుకుంటే చాలు, ఒక ఏడాదిలో తేడా అంకెల్లో వస్తుంది. దూడకు విడిచిన పాలకు పాలకేంద్రం ఎంత చెల్లించాలో ఆ అంకెల మీదే బేరం మొదలుపెట్టవచ్చు.