రెండో దెబ్బ

నడక తూలుతుంది, మాట ముద్దగా వస్తుంది. బాక్సింగ్ మానేసిన కొందరిని చూసి జనం తాగిన మనిషితో పోల్చి 'పంచ్ డ్రంక్' అనేవారు. న్యూజెర్సీ వైద్యుడు హారిసన్ మార్ట్‌లాండ్ 1928లో ఆ వాడుక మాటనే తన వైద్య వ్యాసానికి పేరుగా పెట్టాడు. 1973లో ఇంగ్లండులో కోర్సెల్లిస్ అనే పరిశోధకుడి బృందం 15 మంది మాజీ బాక్సర్ల మెదళ్లను కోసి చూసింది. అయినా అది బాక్సర్లకు, అదీ వయసు మళ్లాక వచ్చే జబ్బుగానే చలామణీ అయింది.

కుర్రాళ్లకు పొంచి ఉన్న ముప్పు వేరు. 1984లో ఒక 19 ఏళ్ల కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడి మరణం మీద రాస్తూ సాండర్స్, హార్బా అనే వైద్యులు దానికి 'సెకండ్ ఇంపాక్ట్' అని పేరు పెట్టారు. మొదటి దెబ్బ నుంచి తేరుకోకముందే ఇంకోటి తగిలితే, అది చిన్నదైనా సరే, మెదడు ఉన్నట్టుండి వాచిపోవచ్చు. అరుదే కానీ ప్రాణాంతకం. హెల్మెట్ పుర్రెను కాపాడుతుంది గానీ లోపల మెదడు కుదుపును ఆపలేదు.

2006లో వాషింగ్టన్ రాష్ట్రంలో 13 ఏళ్ల జాకరీ లిస్టెట్ తలకు దెబ్బ తగిలాక, కాసేపాగి మళ్లీ మైదానంలోకి దిగాడు. ఆట అయ్యాక కుప్పకూలాడు. బతికాడు గానీ మళ్లీ మాట రావడానికే నెలలు పట్టింది. దెబ్బ తిన్న పిల్లల్ని వైద్యుల అనుమతి లేకుండా ఆడించకూడదని 2009లో ఆ రాష్ట్రం చట్టం చేసింది.

నన్ను ఎక్కువ కలచివేసేది కెనడాలోని ఒట్టావా అమ్మాయి కథ. రోవన్ స్ట్రింగర్‌కు 17 ఏళ్లు. బడి రగ్బీ జట్టు కెప్టెన్. 2013 మే నెలలో వారం తిరక్కుండానే తలకు పదేపదే దెబ్బలు తగిలాయి. తలనొప్పి తగ్గలేదు. అనుమానం వచ్చి ఫోనులో కంకషన్ (తలదెబ్బతో మెదడు కుదుపుకు లోనవడం) గురించి తనే వెతికింది, స్నేహితులకూ మెసేజీలు పెట్టింది. అయినా మే 8న ఆడింది. పడిపోయి మళ్లీ లేవలేదు. నాలుగు రోజులకు చనిపోయింది. ఆమెది నిర్లక్ష్యం అనడానికి నాకు నోరు రాదు. జట్టును వదిలి పక్కన కూర్చోవడం ఆ వయసులో ఎంత కష్టమో పెద్దవాళ్లకే తెలిసుండాలి.

2023లో బోస్టన్ పరిశోధకులు 30 ఏళ్లలోపే చనిపోయిన 152 మంది క్రీడాకారుల మెదళ్లను పరీక్షిస్తే 63 మందిలో సీటీఈ, అంటే ఒకప్పుడు బాక్సర్లదే అనుకున్న ఆ మెదడు జబ్బు, కనిపించింది. ఆ 63 మందిలో ఎక్కువమంది వృత్తి ఆటగాళ్లు కారు. అనుమానం ఉన్న కుటుంబాలే మెదళ్లను దానం చేస్తాయి కాబట్టి ఆ లెక్క ఆటగాళ్లందరికీ వర్తించదు. అయినా వాళ్ల వయసు తలుచుకుంటే గుండె బరువెక్కుతుంది.

ఒట్టావా ఉన్న ఒంటారియో రాష్ట్రంలో 2018లో రోవన్ పేరుతో చట్టం వచ్చింది. ఇప్పుడక్కడ 26 ఏళ్లలోపు వాళ్లు జట్టులో పేరు నమోదు చేసుకోవాలంటే ముందుగా కంకషన్ గురించి చదవాలి. 18 నిండని పిల్లలుంటే అమ్మానాన్నలూ చదవాలి. ఆ అమ్మాయి ఒంటరిగా ఫోనులో వెతుక్కున్నది అదే.